మెక్సికో చరిత్ర: 500 మంది గెలిచారన్న కథ, మరికొన్ని అపోహలు

డిగ్రీ విద్యార్థులకూ, పోటీ పరీక్షల అభ్యర్థులకూ ప్రపంచ చరిత్ర బోధించడం నా వృత్తి. మెక్సికో పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, అంత పెద్ద ఆజ్టెక్ సామ్రాజ్యం 500 మంది స్పెయిన్ సైనికులకు ఎలా లొంగిపోయిందని అడుగుతారు. జవాబు కూడా వారి నోట్సులో ముందే రాసి ఉంటుంది: స్పెయిన్ దళనాయకుడు కోర్టెస్‌ను తిరిగివచ్చిన దేవుడనుకున్నారు, గుర్రాలనూ తుపాకులనూ చూసి హడలిపోయారు, చేతులెత్తేశారు. వాట్సాప్‌లో చేతులు మారే నోట్సులను సరిచూసుకోకుండా పంచేవారిమీద నాకు ఓపిక నశించింది. ఈ కథ నమ్మినవారికి ఆ తర్వాతి 400 ఏళ్ల మెక్సికో చరిత్ర అర్థం కాదు కాబట్టి, మిగతా అపోహలకన్నా దీనిమీదే ఎక్కువసేపు నిలుస్తాను.

అపోహ: గుప్పెడు మంది స్పెయిన్ సైనికులే ఆజ్టెక్ సామ్రాజ్యాన్ని జయించారు.

వాస్తవం: 1519 ఏప్రిల్‌లో ఇప్పటి వెరాక్రూజ్ తీరంలో దిగినప్పుడు హెర్నాన్ కోర్టెస్ వెంట సుమారు 500 మంది సైనికులు, 16 గుర్రాలు ఉన్న మాట నిజమే. కానీ 1521 ఆగస్టు 13న రాజధాని టెనోచ్టిట్లాన్ పడిపోయేనాటికి దాన్ని ముట్టడించిన సేనలో స్పెయిన్‌వారు వెయ్యికి అటూఇటూగా ఉంటే, వారితో కలిసి పోరాడిన స్థానిక యోధులు పదుల వేలలో ఉన్నారు. వారిలో ముందు చెప్పుకోవలసినవారు ట్లాష్కాలా ప్రజలు. టెనోచ్టిట్లాన్, టెష్కోకో, ట్లాకోపాన్ నగరాల కూటమి (ఆజ్టెక్ సామ్రాజ్యమంటే ఇదే) చుట్టూ ఉన్న రాజ్యాలచేత కప్పం కట్టించుకుంటూ విస్తరించినా, ట్లాష్కాలా మాత్రం లొంగలేదు. ఆ మొండితనానికి మూల్యంగా వర్తక మార్గాలు మూసుకుపోయి, ఆ రాజ్యంలో ఉప్పుకూ పత్తికీ కటకట ఏర్పడింది. 1519 సెప్టెంబరులో వారు మొదట కోర్టెస్‌తో యుద్ధమే చేశారు. కొత్తవారి సత్తా చూశాక, తమ పాత శత్రువును దెబ్బతీయడానికి వీరు పనికివస్తారని తర్జనభర్జన పడి సంధి చేసుకున్నారు. 1520 జూన్ 30 రాత్రి వందలాది మందిని పోగొట్టుకొని కోర్టెస్ రాజధాని నుంచి పారిపోయినప్పుడు ఆశ్రయం దొరికింది ట్లాష్కాలాలోనే. అప్పుడు ట్లాష్కాలా పెద్దలు కాదని ఉంటే కోర్టెస్ దండయాత్ర అక్కడితో ముగిసిపోయేది.

మన విద్యార్థులకు ఇది చెప్పడానికి నేను 1757 నాటి బొబ్బిలి యుద్ధం గుర్తుచేస్తాను. బుస్సీ ఫిరంగులు లేకుండా ఆ కోట పడేది కాదు, నిజమే. కానీ విజయనగరం రాజు పగను పక్కనపెట్టి ఆ యుద్ధాన్ని చెప్పగలవారెవరు?

ట్లాష్కాలావారు తమ పాత్రను తామే నమోదు చేసుకున్నారు. 1552 ప్రాంతంలో వారి పాలకమండలి ఒక పెద్ద వస్త్రంమీద ఈ యుద్ధ ఘట్టాలను వరుసగా చిత్రింపజేసింది. మూలం పోయినా నకళ్లు మిగిలాయి. తరగతిలో ఆ బొమ్మలు చూపినప్పుడు పిల్లల ముఖాల్లో ఆశ్చర్యం కనిపిస్తుంది: గుర్రంమీద ఉన్న స్పెయిన్ సైనికుడి పక్కనే ఈకల అలంకారాలతో, డాళ్లతో, కత్తులతో ట్లాష్కాలా యోధులు, చర్చల ఘట్టాల్లో ఇరుపక్షాల నడుమ నిలబడి వేలు చూపుతూ మాట్లాడుతున్న మలింట్సిన్. 1519లో టబాస్కోలో కోర్టెస్‌కు కానుకగా ఇచ్చిన 20 మంది స్త్రీలలో ఒకరైన ఆమెకు మాయా భాషా, ఆజ్టెక్‌లు మాట్లాడే నాహువాట్ల్ భాషా రెండూ వచ్చు. తొలినాళ్లలో కోర్టెస్ స్పానిష్‌లో చెప్పింది అగిలార్ అనే అతను మాయా భాషలోకి, మలింట్సిన్ నాహువాట్ల్‌లోకి మార్చేవారు.

ఒకసారి ఆ బొమ్మలు చూసిన ఒక విద్యార్థిని, అయితే ట్లాష్కాలావారూ మలింట్సినూ ద్రోహులేనా అని నిలదీసింది. చాలా మంచి ప్రశ్న. అప్పటికి మెక్సికో అనే దేశమే లేదు. తామంతా ఒకే జాతి అన్న భావనా లేదు. తనను బానిసగా ఇచ్చేసినవారిపట్ల మలింట్సిన్‌కు, తమకు ఉప్పు దక్కనివ్వనివారిపట్ల ట్లాష్కాలాకు ఉండవలసిన విధేయత ఏమిటో చెప్పమని నేను ఆమెను తిరిగి అడిగాను. ఆ గంటంతా చర్చ దానిమీదే నడిచింది, సిలబస్ ముందుకు సాగలేదు.

ఇక దేవుడన్న కథ. కోర్టెస్ స్పెయిన్ రాజుకు రాసిన లేఖల్లో తనను దేవుడిగా కొలిచారని ఎక్కడా లేదు. పైగా ఆజ్టెక్ చక్రవర్తి మోక్తెసుమా తన ఒంటిని చూపి, తానూ అందరిలాంటి రక్తమాంసాల మనిషినేనని అన్నట్లు కోర్టెసే రాశాడు. దేవుడి కథ దశాబ్దాల తర్వాతి రచనల్లో పెరిగి పెద్దదైంది. ఓటమికి అసలు కారణాల్లో మసూచి ఒకటి. 1520లో నార్వాయెజ్ అనే మరో స్పెయిన్ సేనాని దళంతో వచ్చిన ఆ వ్యాధి అదే ఏడాది రాజధానిని చేరి, మోక్తెసుమా తర్వాత గద్దెనెక్కిన క్విత్లావాక్‌ను కొద్ది వారాల పాలనకే బలితీసుకుంది. ఆ తర్వాత కువాహ్తెమోక్ నాయకత్వంలో, చపుల్తెపెక్ నుంచి వచ్చే మంచినీటి కాలువ తెగిపోయి, నగరం చుట్టూ ఉన్న సరస్సుమీద స్పెయిన్‌వారి 13 నౌకలు దారులు కాస్తుండగా, ఆకలితోనూ రోగంతోనూ ఆ నగరం దాదాపు రెండున్నర నెలలు వీధివీధికీ పోరాడింది. అలాంటివారు చేతులెత్తేశారని రాయడం అన్యాయం.

మిగతా అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. మాయా ప్రజలు మాయమైపోలేదు: తొమ్మిదో శతాబ్దంలో దక్షిణాది నగరాలు పాడుబడ్డాయి, జనం మిగిలారు, ఇవాళ ఒక్క యుకటాన్ మాయా భాషనే ఏడు లక్షలకు పైగా మాట్లాడుతున్నారు. మెక్సికోలోని ప్రాచీన నగరం తెయోతివాకాన్ పిరమిడ్లు ఆజ్టెక్‌లు కట్టినవి కావు. వారు వచ్చేసరికే ఆ నగరం శిథిలం. మే 5 స్వాతంత్ర్య దినం కాదు, 1862లో ప్యూబ్లాలో ఫ్రెంచి సేనను ఓడించిన రోజు. స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16; 1810లో డొలోరెస్ అనే ఊళ్లో ఇదాల్గో అనే మతాధికారి స్పెయిన్ పాలనపై తిరుగుబాటుకు పిలుపునిచ్చిన రోజు.

ఈ పేర్లు నోరు తిరగడం లేదని, పరీక్షలో తప్పు రాస్తామని దిగులుపడేవారికి ఒక మాట. పేర్లన్నీ బట్టీపట్టకండి. ఆ సరస్సును, దాని చుట్టూ ఉన్న నగరాలను, తూర్పున ట్లాష్కాలాను ఒక కాగితంమీద గీయండి. ఎవరికి ఎవరితో పగో పటంలోనే కనిపిస్తుంది. ఉచ్చారణ అలవాటుమీద వస్తుంది.

అపోహ: మెక్సికో విప్లవం 1910లో నియంత డియాజ్‌పై మొదలై 1917 రాజ్యాంగంతో ముగిసిన ఒకే ఉద్యమం.

వాస్తవం: 1911 మేలో డియాజ్ దిగిపోయాక అసలు చీలికలు బయటపడ్డాయి. అక్రమంగా పోయిన భూములు తిరిగి ఇప్పిస్తానన్న తిరుగుబాటు నాయకుడు మదేరో జాప్యం చేయడంతో, అదే ఏడాది నవంబరులో రైతు నాయకుడు సపాటా, భూములు తిరిగి ఇవ్వాలని కోరే ఆయాలా ప్రణాళికతో ఆయనపైనే తిరగబడ్డాడు. సపాటా వెనకున్నవి పుస్తకాల్లోంచి వచ్చిన సిద్ధాంతాలు కావు. 1909లో అనెనెక్విల్కో గ్రామస్థులు ఆయనను ఊరి పెద్దగా ఎన్నుకొని, వలస పాలన కాలం నుంచి దాచుకున్న భూమి పత్రాలను ఆయన చేతికిచ్చారు. చక్కెర తోటల యజమానులు ఆక్రమించిన పొలాలు తమవేనని చెప్పే సాక్ష్యం ఆ పత్రాలే. స్పెయిన్ ఆక్రమణ జరిగిన మర్నాడే స్థానికులు అంతమైపోయారని నమ్మినవారికి, 400 ఏళ్ల తర్వాత కూడా ఆ ఊరు ఊరుగా నిలిచి తన పత్రాలు తీసి చూపడం వింతగా తోస్తుంది. నిజానికి 1918లో సపాటా పేరుతో కొన్ని ప్రకటనలు నాహువాట్ల్‌లోనే వెలువడ్డాయి.

1917 రాజ్యాంగపు 27వ అధికరణం భూమిపై హక్కును దేశానికి దఖలు పరచినా, సపాటా 1919 ఏప్రిల్ 10న చినమెకాలో మోసపూరితంగా హతుడయ్యాడు. ఆ రాజ్యాంగాన్ని తెచ్చిన కరాన్సా కూడా మరుసటి ఏడాది హత్యకు గురయ్యాడు. మన ఎం.ఎన్. రాయ్ మెక్సికోలో ఉండి 1919లో అక్కడి కమ్యూనిస్టు పార్టీ స్థాపనలో పాలుపంచుకున్నది ఈ కల్లోలం నడుమనే. పొలాలు పెద్దయెత్తున రైతుల చేతికి వచ్చింది మాత్రం 1934లో అధ్యక్షుడైన కార్డెనాస్ హయాంలో; ఆరేళ్లలో కోటిన్నర హెక్టార్లకు పైగా పంచారు. కాబట్టి విప్లవం ఎప్పుడు ముగిసిందన్న ప్రశ్నకు 1917 అని ఒక్క ముక్కలో రాయకండి. అది ఎవరికి ముగిసిందో ముందు రాయండి.