మామూలు చీటీ చూడు

చిట్టీ, వాసూ,

దసరా సెలవులు అయిపోయి వెళ్లేటప్పుడు, ఆటోలో ఒక కాలు పెట్టి వాసు ఒక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, ముందు గదిలో కంప్యూటరూ లైనక్సే, టీవీ వెనకాల ఉన్న చిన్న పెట్టే లైనక్సే అన్నావు. మరి దాంట్లో బొమ్మలన్నీ ఉన్నాయి, దీంట్లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలు తప్ప ఏమీ లేవేం?" ఆటో అతను తొందరపెడుతుంటే ఉత్తరం రాస్తాలే అన్నాను. అని పది రోజులైంది.

లైనక్స్ అంటే కంప్యూటర్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, దాంట్లో చాలా రకాలున్నాయి. రెండింట్లోనూ ఉన్నది జెంటూ అనే రకం. జెంటూ అంటే ఒక జాతి పెంగ్విన్. నీళ్లలో ఈదడంలో పెంగ్విన్లన్నిటిలోకీ అదే జోరు. డేనియల్ రాబిన్స్ అనే ఆయన మొదలుపెట్టిన ఈ జెంటూ 1.0 వచ్చింది 2002లో. పేరుకే జోరు, దీంట్లో పని నిదానం. మిగతా లైనక్సుల్లో సాఫ్ట్‌వేర్ వండి డబ్బాలో పెట్టి పంపుతారు. ఇక్కడ పచ్చి సరుకు, అంటే ప్రోగ్రాము రాసింది రాసినట్టే వస్తుంది, మన ఇంట్లో మన మిషనే వండుకోవాలి. ఈమధ్య వండినవి కూడా ఇస్తున్నారనుకోండి, నేనే తీసుకోను. అలవాటు.

మరి ఏ ఇంటికి ఏం కావాలో ఆ మిషన్‌కి ఎలా తెలుస్తుంది? దానికో చీటీ ఉంటుంది. ప్రొఫైల్ అంటారు దాన్ని.

చీటీలంటే నాకు మా నాన్నగారి కొట్టే గుర్తొస్తుంది. తెనాలిలో పచారీ కొట్టు. గోడకి ఒక అట్ట, అట్ట మీద అంటించిన ఒక పొడుగాటి కాగితం. దాన్ని మామూలు చీటీ అనేవాళ్లం. ఒక ఇంటికి నెలకి ఏం కావాలో బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు మొదలుకుని అగ్గిపెట్టెల దాకా అందులో ఉండేవి. పెళ్లి సరుకులకి ఎవరైనా వస్తే నాన్నగారు ఇవన్నీ మళ్లీ రాసేవారు కాదు. చెవి మీది పెన్సిలు తీసి, మొదటి వరుసలో 'మామూలు చీటీ చూడు' అని రాసి, కింద జీడిపప్పు, కిస్మిస్, శనగపిండి, విస్తరాకులు మాత్రం చేర్చేవారు. ఆబ్దికానికైతే మళ్లీ అదే మొదటి వరుస, కింద 'నువ్వులు పావుకిలో, ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు'. అంతే చీటీ. అరచేయంత.

జెంటూ వాళ్లు చేసింది అచ్చం ఇదే. ఒక్కో ప్రొఫైల్ ఒక్కో ఫోల్డరు. అందులో పేరెంట్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. 'ముందు ఫలానా చీటీ చూడు' అనడమే దాని పని, వరుసకి ఒక చీటీ పేరు. కావలసినవి ఇంకో ఫైల్లో రాస్తారు. వద్దనుకున్నదాని ముందు మైనస్ గీత పెడతారు. మా నాన్నగారి 'ఉల్లి వద్దు' అన్నమాట.

ఇక్కడ నేను తిన్న తిట్లు చెప్పాలి. నాకు పదేళ్లప్పుడు ఒక ముసలమ్మగారు ఆబ్దికం సరుకులకి వస్తే నాన్నగారు చీటీ రాసి నాకిచ్చి భోజనానికి వెళ్లారు. నేను తెలివిగా ముందు చిన్న చీటీ పని ముగించాను. నువ్వులు కట్టాను, ఉల్లి లేదు కదా అనుకుని వదిలేశాను. ఆ తర్వాత గోడ మీది చీటీ పట్టుకుని పైనుంచి కిందికి అన్నీ తూచి సంచీలో వేశాను, ఉల్లిపాయలతో సహా! ఆవిడ ఆ సంచీని గడప కూడా దాటనివ్వలేదు. సాయంత్రం నాన్నగారు నా చెవి పట్టుకుని అన్నది ఒక్కటే ముక్క: "ముందు మామూలు, తర్వాత మినహాయింపు."

జెంటూలో సరుకు తెచ్చి వండే పోర్టేజ్ కూడా ఈ ముక్క తప్పదు. పేరెంట్ చెప్పిన చీటీలను వరుసగా ముందు చదివి, వాటి మీద ఈ ఫోల్డరు చీటీ చదువుతుంది. చివర ఏం రాశారో అదే చెల్లుతుంది. ఈ వరుస తిరగబడితే మీ కంప్యూటర్లో కూడా ఉల్లిపాయలు పడతాయి.

ఇప్పుడు వాసు ప్రశ్న. ముందు గదిలో మిషన్ చీటీ పేరు డెస్క్‌టాప్. దాని పేరెంట్ ఫైల్లో రెండే వరుసలు. మొదటిది రెండు చుక్కలు, అంటే 'పై ఫోల్డర్లోది చూడు' అని. రెండోది టార్గెట్స్ అనే చోట ఉన్న డెస్క్‌టాప్ చీటీకి దారి. తెర మీద కిటికీలు, పాటలు, ప్రింటరు, బ్లూటూత్ అన్నీ ఆ రెండో చీటీలోవే. టీవీ వెనకాల ఉన్నది రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు, దాని ప్రాసెసర్ జాతే వేరు. దానికి ఆ రెండో చీటీ నేను కలపలేదు. మన ఫోటోలు దాచడానికి దానికి బొమ్మలెందుకు? రేపు కావాలంటే ఆ జాతికీ డెస్క్‌టాప్ ప్రొఫైల్ ఉంది. అదీ టార్గెట్స్‌లోని ఆ చీటీనే చూడమంటుంది. నాకు ముచ్చటేసేది ఇక్కడే. ఎన్ని జాతుల మిషన్లున్నా డెస్క్‌టాప్ చీటీ రాసింది ఒక్కచోటే. పెళ్లి చీటీ ఇంటింటికీ వేరుగా రాసుంటే, విస్తరాకులు మానేసి కాగితం ప్లేట్లు వచ్చిన ఏడాది నాన్నగారు ఎన్ని చీటీలు దిద్దాల్సి వచ్చేదో!

పాత చీటీలను కూడా మర్యాదగానే పంపిస్తారు. కొన్నాళ్లు ఆ ఫోల్డర్లోనే ఉంచి, 'ఇది పాతబడింది, ఫలానా కొత్తది వాడండి' అని ఒక కాగితం పెడతారు. ఇప్పుడు మనింట్లో ఉన్నవి 23.0 అనే చీటీలు. పేరులో ఏడాది 2023, వచ్చింది 2024 మార్చిలో. ఆలస్యం నా ఉత్తరాలకే కాదర్రా.

మొదట్లో నేను ఒక వెధవ పని చేశాను. బ్లూటూత్ వద్దనుకుని, వాళ్ల చీటీ మీదే గీత పెట్టాను. వారం తర్వాత సరుకు జాబితా తాజా చేస్తే నా గీత మాయం, కొత్త కాగితం తెల్లగా ఉంది. గోడ మీది చీటీ అందరిదీ, దాని మీద గీయకూడదు. మనకంటూ మేక్ డాట్ కాన్ఫ్ అని ఒక ఫైలుంది. పోర్టేజ్ ప్రొఫైల్ అంతా చదివాక దాన్ని చదువుతుంది. మైనస్ బ్లూటూత్ అని అందులో ఒక్క ముక్క రాస్తే సరిపోయింది.

నిజానికి నా పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది. ఈ బ్లూటూత్ లాంటివి విడి సరుకులు కావు. పప్పులో ఉల్లి వేసి వండాలా, వేయకుండా వండాలా అన్న మాట. కాబట్టి చీటీ మార్చినంత మాత్రాన గిన్నెలో పప్పు మారదు, మళ్లీ వండాలి. దసరాలో ఆ రాత్రి ముందు గదిలో ఫ్యాన్ చప్పుడుకి నిద్ర పట్టలేదని చిట్టి అంది కదా, అది వంట చప్పుడే.

ఇంకా చెప్పడం కంటే మీరే చూడండి. పోయినేడు మీ అమ్మ పాత ల్యాప్‌టాప్‌లో నేను వేసిచ్చింది జెంటూయే. చీటీలున్న ఫోల్డరు దారి అమ్మకి రాసిచ్చాను, తెరిచి పెడుతుంది. పెన్సిలూ కాగితం పట్టుకుని పేరెంట్ ఫైల్లో ఏముందో చూసి, అక్కడికి వెళ్లి, అక్కడి పేరెంట్ చూడండి. కొన్నిచోట్ల దారి రెండుగా చీలుతుంది, రెండూ వెళ్లండి. ఎక్కడో బేస్ అనే ఫోల్డరు తగులుతుంది. దాంట్లో పేరెంట్ ఉండదు. అదే గోడ మీది చీటీ. మొత్తం ఎన్ని చీటీలు తగిలాయో, మైనస్ గీత మొదట ఎక్కడ కనబడిందో రాసుకుని ఆదివారం ఫోన్ చేయండి. మీ ఇద్దరి లెక్కలూ కలవకపోతే జుట్లు పట్టుకోకండి, ఎవరో ఒకరు ఒకే చీటీని రెండుసార్లు లెక్కపెట్టి ఉంటారు.

మీ
తాతయ్య