పిల్లల ఒంటి మీద దెబ్బలు చెప్పేది వినడానికి డాక్టర్లకి వందేళ్ళు పట్టింది

నెలల పాపకి చెయ్యి విరిగిందని హాస్పిటల్‌కి తెస్తారు, ఎలా జరిగింది అంటే మంచం మీంచి పడింది అంటారు, డాక్టర్ కట్టు కట్టి పంపించేస్తాడు. చాలా ఏళ్ళు ఇదే నడిచింది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బిడ్డని గుండెకి హత్తుకుని పరిగెత్తుకొచ్చిన చేతులే కొట్టాయేమో అని అనుమానపడటానికి ఎవరికైనా మనసు రాదు, డాక్టర్ కూడా మనిషే కదా. కానీ ఆ అనుమానం రానందుకే ఎంతమంది పిల్లలు మళ్ళీ అదే ఇంటికి వెళ్ళి మళ్ళీ దెబ్బలు తిన్నారో తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

దీని గురించి వివరంగా రాసిన మొదటివాళ్ళలో ఒకడు పారిస్‌లో ఫోరెన్సిక్ డాక్టర్, ఆంబ్రోజ్ టార్డియూ. 1860లో 32 మంది పిల్లల కేసులు ఒకచోట పెట్టాడు, వాళ్ళలో 18 మంది చనిపోయారు. కాలిన మచ్చలు, కమిలిన చోట్లు, విరిగిన ఎముకలు అన్నీ రాసాడు. తోటి డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. 1874లో న్యూయార్క్‌లో మేరీ ఎలెన్ అనే పాప కేస్ కోర్టు దాకా వెళ్ళింది కానీ అది కూడా ఏ డాక్టర్ వల్లో కాదు, ఎట్టా వీలర్ అనే ఆవిడ జంతువుల రక్షణ సంఘం పెట్టిన హెన్రీ బెర్గ్ దగ్గరికి వెళ్ళి పట్టుబడితే కదిలింది (జంతువుల చట్టం కింద కేస్ వేసారని చాలామంది రాస్తుంటారు, అది నిజం కాదు, ఆయన సొంతంగా లాయర్‌ని పెట్టి మామూలు కోర్టు దారిలోనే వెళ్ళాడు). ఆ తర్వాత పిల్లల కోసం సంఘాలు వచ్చాయి. హాస్పిటల్ లోపల మాత్రం ఏం మారలేదు.

1895లో ఎక్స్‌రే వచ్చింది. అయినా ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. 1946లో న్యూయార్క్‌లో జాన్ కాఫీ అనే డాక్టర్, పిల్లల ఎక్స్‌రేలు చదవడమే పనిగా పెట్టుకున్న మనిషి, ఆరుగురు పసిపిల్లల గురించి రాసాడు. ఆరుగురికీ మెదడు పైపొర కింద రక్తం చేరింది, వాళ్ళందరికీ కలిపి కాళ్ళూ చేతుల ఎముకల్లో 23 ఫ్రాక్చర్లు ఉన్నాయి. దెబ్బ తగిలిందని ఇంట్లోవాళ్ళు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఎముకల్లో జబ్బేమీ లేదు అన్నాడు కానీ ఎవరో కొట్టి ఉంటారని గట్టిగా మాత్రం అనలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న సిల్వర్‌మన్ 1953లో ఇంకో అడుగు ముందుకేసి ఇది దెబ్బే, అడగాల్సిన పద్ధతిలో ఇంట్లోవాళ్ళని అడగండి అన్నాడు.

అసలు ఆ ఎక్స్‌రే ఫిల్మ్‌లో ఏం కనిపిస్తుందో కొంచెం చెప్తాను. విరిగిన ఎముక చుట్టూ ఒకటి రెండు వారాలకి మబ్బులా కొత్త ఎముక పేరుకుంటుంది. అంటే ఒకే పాపకి మోచేతి దగ్గర తాజా ఫ్రాక్చర్, పక్కటెముకల మీద మాత్రం ఆ మబ్బు కనిపిస్తే, నిన్న ఒక్కసారి మంచం మీంచి పడింది అనే మాట నిలబడదు. పక్కటెముకలు వెన్ను దగ్గర విరిగితే రెండు చేతులతో ఛాతీ పట్టుకుని గట్టిగా నొక్కారేమో చూడాలి. మోకాలి దగ్గర ఎముక అంచు చిన్న ముక్కగా ఊడితే కాలు పట్టుకుని లాగడమో మెలితిప్పడమో జరిగి ఉండొచ్చు. అందుకే రెండేళ్ళలోపు పిల్లల్లో అనుమానం వస్తే నొప్పి ఉన్న చోటే కాదు, ఒళ్ళంతా ఎక్స్‌రే తీస్తారు.

1962లో డెన్వర్‌లో హెన్రీ కెంప్, సిల్వర్‌మన్ ఇంకొందరు కలిసి దీనికి బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్ (కొట్టి హింసించిన పిల్లల్లో కనిపించే గుర్తులు) అని పేరు పెట్టారు. 71 హాస్పిటల్స్‌ని అడిగితే ఒక్క ఏడాదిలో 302 మంది పిల్లలు, 33 మంది చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. పేరు పెట్టాకే లోకానికి కనిపించింది. 1967 కల్లా అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో అనుమానం వస్తే రిపోర్ట్ చెయ్యాలని చట్టాలు వచ్చాయి.

ఇంకో వైపు కూడా చెప్పాలి, ఇది చెప్పకపోతే అన్యాయం. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బులు ఉంటాయి, రక్తం గడ్డకట్టని జబ్బులు ఉంటాయి, పుట్టుకతోనే నడుము మీద కమిలినట్టే కనిపించే నీలం మచ్చలు ఉండే పిల్లలుంటారు, వీళ్ళ తల్లిదండ్రుల మీద నింద పడితే ఆ ఇల్లు కూలిపోతుంది. పసిబిడ్డని గట్టిగా ఊపితే మెదడులో రక్తస్రావం అవ్వొచ్చని 1971లో రాసిన ఇంగ్లండ్ సర్జన్ గుథ్‌కెల్చ్, ఆ గుర్తులు కనిపించగానే ఊపారని తేల్చెయ్యకండి అని 2012లో ముసలితనంలో ఆయనే మళ్ళీ రాసాడు. అనుమానం రావాలి, పరీక్షలూ పూర్తిగా చెయ్యాలి, రెండూ కావాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది మాత్రం ఫ్రాక్చర్ కాదు, చిన్న కమిలిన మచ్చ. 1999లో సియాటిల్ డాక్టర్లు మామూలు చెకప్‌కి వచ్చిన పిల్లల్ని చూస్తే ఆరు నెలల లోపు 366 మందిలో ఇద్దరికే కమిలిన మచ్చలున్నాయి, అదే నడిచే పిల్లల్లో సగం మందికి పైగా ఉన్నాయి. బోర్లా కూడా పడలేని పాపకి చెంప మీద కమిలింది అంటే అక్కడ ఆగాలి. 2010లో మేరీ క్లైడ్ పియర్స్ టీమ్ దీన్నే సులువైన గుర్తుగా చేసింది: నాలుగేళ్ళలోపు పిల్లలకి ఛాతీ పొట్ట వీపు మీద, చెవి మీద, మెడ మీద కమిలినా, నాలుగు నెలల లోపు పాపకి ఎక్కడ కమిలినా, ఊరుకోకూడదు. బట్టలు పూర్తిగా విప్పి చూడాలి, చెవి వెనక, పై పెదవి ఎత్తి లోపల కూడా. రంగు చూసి ఎన్ని రోజుల మచ్చో చెప్పలేం, అది పాత నమ్మకం.

2013లో ఇంకో లెక్క వచ్చింది, చదివినప్పటి నుంచి నన్ను వదలట్లేదు. హింస జరిగిందని తేలిన 200 మంది పసిపిల్లల్లో 55 మందికి అంతకుముందే ఇలాంటి చిన్న దెబ్బ ఒకటి ఉంది, ఆ 55 మందిలో నూటికి 40 మందికి పైగా అది డాక్టర్‌కి ముందే తెలుసు.

ఇక ఈ దెబ్బలు పడకుండా ఆపడం సంగతి. పసిపిల్లల ఏడుపు రెండో నెల దగ్గర బాగా పెరుగుతుంది, ఎంత ఎత్తుకున్నా ఆగదు, ఊపడం ఎక్కువగా జరిగేది కూడా ఆ నెలల్లోనే. అందుకే ఇప్పుడు చాలాచోట్ల కాన్పయ్యాక డిశ్చార్జ్ చేసే ముందే తల్లికీ తండ్రికీ చెప్తున్నారు: ఏడుపు భరించలేకపోతే పాపని పడిపోని చోట వెల్లకిలా జాగ్రత్తగా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పక్క గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చోండి, ఎవరికైనా ఫోన్ చెయ్యండి, ఆ పది నిమిషాలు ఏడిస్తే పాపకి ఏం కాదు.