రెండున్నర గంటల్లో ఎటు వెళ్తాం? సునామీపై విశాఖలో వినిపించే అపోహలు - వాస్తవాలు

భీమిలి నుంచి పూడిమడక దాకా ఉన్న జాలరి పల్లెల్లో, బీచ్ రోడ్డు పక్కనున్న స్కూళ్లలో విపత్తులను ఎలా ఎదుర్కోవాలో శిక్షణ ఇవ్వడం నా పని. తుఫాను గురించైతే ఇక్కడివాళ్లకు నేను కొత్తగా చెప్పేది పెద్దగా ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి దగ్గరే తీరం దాటింది. ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఏం చేయాలో పల్లెల్లో పిల్లలకూ తెలుసు. సునామీ మాట ఎత్తితే మాత్రం సినిమాల్లో చూసినవీ, వాట్సాప్‌లో వచ్చినవీ, 2004లో ఎవరో చెప్పగా విన్నవీ అన్నీ కలగలిసిపోయి ఉంటాయి. తుఫాను రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది. సునామీ మనకిచ్చేది గంటల వ్యవధే. అందుకే ఈ అపోహలను నేను తేలిగ్గా తీసుకోలేను.

ముందు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2004 డిసెంబరు 26 ఆదివారం, మన టైము ప్రకారం ఉదయం 6.28 దాటాక సుమత్రా పక్కన సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. కెరటాలు మన తూర్పు తీరాన్ని తాకేసరికి తొమ్మిది దాటింది. మధ్యలో దాదాపు రెండున్నర గంటలున్నాయి. ఆ రెండున్నర గంటల్లో ఒడ్డున ఉన్నవాళ్లకు ఒక్క మాట చెప్పే ఏర్పాటు హిందూ మహాసముద్రంలో ఎక్కడా లేదు. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా పోయారు. మన దేశంలోనే పదివేలు దాటారు. వాళ్లలో చాలామంది కాస్త మెట్టకు నడిచి వెళ్లి ఉంటే బతికేవాళ్లు.

అపోహ: డాల్ఫిన్ నోస్ కొండ ఉండగా విశాఖను సునామీ ఏమీ చేయలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా నేను వినేది ఇదే. కొండ అడ్డుంటే ఆ కొండ వెనక కొంత నీడ దొరకవచ్చు. కానీ సునామీ గాలికి లేచే కెరటం కాదు. పైనుంచి అడుగు దాకా సముద్రపు నీరంతా కదిలి వస్తుంది. కొండ చుట్టూ వంగుతుంది, హార్బర్ చానల్‌లోకి దూరుతుంది, భీమిలి దగ్గర గోస్తనిలాంటి నది మొగలోంచి లోపలికి ఎదురెక్కుతుంది. 2004లో విశాఖ పోర్టులోని నీటిమట్టం కొలిచే పరికరం ఆ కెరటాలను నమోదు చేసింది కూడా. అంతెందుకు, 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం తాలూకు కెరటాలు కూడా ఇదే తీరంలో రికార్డయ్యాయి. అవి మీటరుకు లోపే. అయినా ఇక్కడికి దారి ఉందని అప్పుడే తెలిసిపోయింది.

మరి 2004లో నాగపట్నం అంతగా దెబ్బతిని, విశాఖ ఎలా బయటపడింది? కొండల వల్ల కాదు. అప్పుడు సముద్రం అడుగున చీలిక ఉత్తర దక్షిణాలుగా 1,200 కిలోమీటర్లకు పైగా సాగింది. సునామీ బలం చీలికకు అడ్డంగా, అంటే తూర్పు పడమరలకు ఎక్కువగా పోతుంది. శ్రీలంక, తమిళనాడు ఒక పక్క, థాయ్‌లాండ్ మరో పక్క ఆ దారిలో పడ్డాయి. మనకు పక్కవాటు దెబ్బే తగిలింది. రేపు ఇంకా ఉత్తరాన, అండమాన్ పైభాగంలో చీలితే ఆ బలం మన వైపు మళ్లే అవకాశం ఉంది, వ్యవధీ తగ్గుతుంది. ఒకసారి తప్పించుకున్నాం కాబట్టి ఎప్పటికీ రక్షణ ఉందనుకోకూడదు.

అపోహ: సముద్రం వెనక్కి వెళ్లిందంటే సునామీ వస్తున్నట్టే. వెళ్లకపోతే భయం లేదు.

ఇందులో రెండు తప్పులున్నాయి. రెండూ ప్రమాదమే.

మొదటిది. ఆర్కే బీచ్‌లో రాళ్లు బయటపడిన ఫొటో ఏటా ఫోన్లలో తిరుగుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర పోటు ఎంత ఎక్కువ ఉంటుందో పాటు కూడా అంత లోతుగా ఉంటుంది. ఇసుక కోతకు పోయి, మళ్లీ చేరుతున్నప్పుడు కూడా ఒడ్డు రూపం మారుతుంది. పాటు తీయడానికి ఆరు గంటలు పడుతుంది, నీళ్లు మెల్లగా జారుకుంటాయి. సునామీకి ముందైతే నిమిషాల్లో లాగేస్తుంది. చేపలు ఇసుక మీద కొట్టుకుంటూ మిగిలిపోతాయి, ఎన్నడూ చూడని అడుగు కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఫొటో తీయకండి, చేపలు ఏరకండి, వెనక్కి తిరిగి మెట్ట వైపు పరిగెత్తండి.

రెండోది ఇంకా ముఖ్యం. మన తీరంలో నీరు వెనక్కి వెళ్లకుండానే సునామీ రావచ్చు. 2004లో చీలికకు పడమటి వైపు సముద్రపు అడుగు పైకి లేచింది, తూర్పు వైపు కుంగింది. అందుకే థాయ్‌లాండ్‌లో ముందు సముద్రం వెనక్కిపోయింది. మన వైపు తొలుత వచ్చింది నీటి పెరుగుదలే. అక్కడి వీడియోలు చూసి మనవాళ్లు 'ముందు వెనక్కి వెళ్తుంది కదా, చూసుకుని పరిగెడదాం' అనుకుంటున్నారు. మన తీరానికి ఆ లెక్క పనికిరాదు.

అపోహ: భూమి కంపిస్తే సునామీ వస్తుంది, కంపించకపోతే రాదు.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా పక్కన 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది, రెండు గంటల తర్వాత 8.2తో మరొకటి. మన తూర్పు తీర నగరాల్లో జనం ఆఫీసుల్లోంచి, ఇళ్లలోంచి రోడ్ల మీదికి వచ్చేశారు. సునామీ మాత్రం చాలా చిన్నది. కారణం, ఆ రోజు సముద్రపు అడుగు పక్కకు జరిగింది. నీటిని పైకి ఎత్తే కదలిక పెద్దగా లేదు. సునామీ రావాలంటే భూకంపం సముద్రం కింద, తక్కువ లోతులో, సాధారణంగా 6.5 దాటిన తీవ్రతతో రావాలి, అడుగును ఎత్తాలి లేదా కుంగదీయాలి. భూకంపం లేకుండానూ సునామీ రావచ్చు. 2018 డిసెంబరు 22న ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క విరిగి సముద్రంలో పడితే, రాత్రిపూట ఏ హెచ్చరికా లేకుండా కెరటాలు వచ్చి వందల మందిని పొట్టనపెట్టుకున్నాయి.

సుమత్రా దగ్గరే సిమెలూ అని ఒక దీవి ఉంది. 1907లో వచ్చిన సునామీని అక్కడివాళ్లు 'స్మోంగ్' అని కథలుగా, పాటలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. భూమి గట్టిగా ఊగితే కొండెక్కాలి, అంతే. 2004లో డెబ్బై వేలకు పైగా ఉన్న ఆ జనాభాలో చనిపోయింది ఏడుగురు. ఏ యంత్రమూ లేదు, ఆ కథే వాళ్లను కాపాడింది.

మరి మనకూ కథ చాలదా అని అడుగుతారు. చాలదు. సిమెలూలో నేల ఊగడమే సైరన్. మనకు ఆ భూకంపం వెయ్యి కిలోమీటర్ల అవతల వస్తుంది. ఇక్కడ ఫ్యాను కాస్త ఊగితే ఊగుతుంది, లేకపోతే అదీ లేదు. బీచ్‌లో నడిచేవాడికి ఏమీ తెలియకపోవచ్చు. దూరాన ఉన్నందువల్ల వ్యవధి దొరుకుతుంది, కానీ నేల ఇచ్చే సంకేతం దొరకదు. విశాఖకు ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఎందుకు కావాలంటే అందుకు.

అపోహ: పున్నమికీ సునామీకీ సంబంధం ఉంది.

లేదు. 2004 డిసెంబరు 26 పున్నమి కావడంతో ఈ నమ్మకం పుట్టింది. జపాన్‌ను ముంచేసిన 2011 మార్చి 11 పున్నమీ కాదు, అమావాస్యా కాదు. పోటు మీదున్నప్పుడు వస్తే నీరు ఇంకొంచెం ఎత్తుకు చేరుతుంది, అంతవరకే. ఫలానా తేదీన సునామీ వస్తుందని ఎవరైనా ముందే చెబితే అది అబద్ధం. భూకంపాన్ని తేదీతో సహా చెప్పగలిగే విద్య ప్రపంచంలో ఇంకా ఎవరి దగ్గరా లేదు.

అపోహ: సునామీ అంటే తాటిచెట్టంత కెరటం. నడిసముద్రంలో ఉన్న బోటు బతకదు.

నడిసముద్రంలో ఉన్నవాళ్లకు అది వెళ్లినట్టే తెలియదు. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకు పైనుంచి వెళ్తున్న ఉపగ్రహం కొలిస్తే ఆ కెరటం ఎత్తు అరవై సెంటీమీటర్ల లెక్కన తేలింది. మూడు కిలోమీటర్ల లోతున్న చోట గంటకు 600 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. ఒడ్డు దగ్గర లోతు పది మీటర్లకు తగ్గేసరికి వేగం 36 కిలోమీటర్లకు పడిపోతుంది. ముందున్న నీరు నెమ్మదిస్తే వెనకున్న నీరు వచ్చి మీద పడుతుంది, అప్పుడు ఎత్తు పెరుగుతుంది. చాలాసార్లు అది విరిగిపడే కెరటంలా కాకుండా ఏరు పొంగి ఊళ్లోకి వచ్చినట్టు, ఆగకుండా పది, ఇరవై నిమిషాల పాటు లోపలికి తోసుకొస్తుంది. మోకాలి లోతు నీరే మనిషిని పడగొట్టగలదు. దాంతోపాటు పడవలు, దుంగలు, ఇనుప సామాను కొట్టుకొస్తాయి.

కాబట్టి వేటకు వెళ్లినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కబురు అందగానే హార్బర్‌కు తిరిగి రావద్దు. వంద బారల లోతు దాటి లోపలే ఉండండి. అంతా అయిపోయిందని అధికారులు చెప్పేదాకా రేవు మొహం చూడొద్దు. ఇది చెప్పినప్పుడల్లా ఒడ్డున ఇంట్లోవాళ్లు ఏమవుతారని అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. ఇంట్లోవాళ్లు ఎక్కడికి వెళ్తారో బోటు ఎక్కకముందే ఇద్దరికీ తెలిసి ఉంటే లోపల ఉన్నవాడు ఆగగలడు.

అపోహ: హైదరాబాద్‌లో హెచ్చరిక కేంద్రం పెట్టారుగా, ఇంక మనం చేసేదేముంది?

ఆ కేంద్రం ఉంది, బాగా పనిచేస్తోంది. ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి రాత్రింబవళ్లు మనుషులు కూర్చుని ఉంటారు. భూకంప కేంద్రాల నుంచి సమాచారం వచ్చిన నిమిషాల్లో తీవ్రత, లోతు తేలుస్తారు. రకరకాల భూకంపాలకు ముందే లెక్కగట్టి పెట్టుకున్న నమూనాల్లోంచి దీనికి సరిపోయేది తీస్తారు. పది నిమిషాలు అటూఇటూగా మొదటి బులెటిన్ వెళ్తుంది. సునామీ నిజంగా పుట్టిందో లేదో తేల్చేవి సముద్రం అడుగున పెట్టిన పీడన మాపకాలు. మీద వేల మీటర్ల నీరున్నా సెంటీమీటరు తేడాను పసిగడతాయి. పైన తేలే బోయా ఆ కబురును ఉపగ్రహానికి పంపుతుంది. ఆ బోయాలకు పడవలు కట్టవద్దని, వలలు చుట్టవద్దని, వాటి సామాను విప్పవద్దని జాలర్లను చేతులెత్తి అడుగుతుంటాను. ఒక బోయా మూగబోతే ఆ మేరకు మనకు కళ్లు పోయినట్టే. మనకే కాదు, హిందూ మహాసముద్ర దేశాలకు సమాచారం ఇచ్చే మూడు కేంద్రాల్లో ఇదొకటి. మిగతావి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలవి.

ఇన్ని చేసినా బులెటిన్ చేరేది కలెక్టరేట్ కంట్రోల్ రూము దాకా. అక్కడి నుంచి ఒడ్డు దాకా, ఒడ్డు నుంచి మెట్ట దాకా ఉన్న దారి మన చేతుల్లో ఉంది. ఒక పల్లెలో డ్రిల్ చేయిస్తూ, సైరన్ మోగితే ఎటు వెళ్తారని ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడను అడిగాను. ఆవిడ చేతిలో పని ఆపలేదు. "పరిగెట్టమంటే ఎటు పరిగెడతాం బాబూ? ఈ సందు సివర గోడ కట్టీసినారు. సుట్టూ తిరిగెళ్లాల. మా అత్త నడవలేదు. దాన్నొగ్గేసి ఎల్తామా?" అంది. సందు చివరికి వెళ్లి చూశాను. మనిషి ఎత్తు గోడ, దాని వెనక వంద అడుగుల్లో మెట్టకు వెళ్లే రోడ్డు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే మళ్లీ ఒడ్డు వెంబడే నడవాలి. ఏ కంప్యూటరు నమూనాలోనూ ఆ గోడ ఉండదు.

విశాఖకు ఉన్న గొప్ప అదృష్టం దాని నేల. ఆర్కే బీచ్ నుంచి పాండురంగాపురం మీదుగా వాల్తేరు వైపు రోడ్లు ఎక్కుతూనే పోతాయి. చాలా తీర పట్టణాలకు ఈ వరం లేదు. నడిచే వెళ్లాలి. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో కార్లు తీస్తే అందరూ అక్కడే ఇరుక్కుంటారు. మెట్ట దూరమైన చోట గట్టి కాంక్రీటు భవనంలో మూడో అంతస్తు, ఆ పైన ఎక్కాలి. మంచాన ఉన్నవాళ్లను ఎవరు మోస్తారో ఇంటింటికీ పేరు రాసుకోవాలి.

అపోహ: పోయినసారి హెచ్చరిక ఇచ్చారు, ఏమీ రాలేదు. ఉత్తుత్తివి.

హెచ్చరికల్లో స్థాయిలుంటాయి. రెండు మీటర్లకు మించి నీరు రావచ్చంటే 'వార్నింగ్', వెంటనే ఖాళీ చేయాలి. అర మీటరు నుంచి రెండు మీటర్లయితే 'అలర్ట్', ఒడ్డుకు, నీళ్లలోకి వెళ్లకూడదు. అంతకన్నా తక్కువైతే 'వాచ్', జనం కదలనక్కర్లేదు. 2012లో కెరటాలు చిన్నవని పరికరాలు తేల్చాక అదే రోజు హెచ్చరిక రద్దు చేశారు. 2025 జులై 30న రష్యాలోని కమ్చట్కాలో 8.8 తీవ్రతతో భూకంపం వస్తే భారత్‌కు ముప్పు లేదని ఇన్‌కాయిస్ ప్రకటించింది. ముప్పు లేదని నమ్మకంగా చెప్పడానికీ ఇదే వ్యవస్థ కావాలి. ఒకసారి మెట్టెక్కి దిగినందుకు పోయేది సగం రోజు కూలి. ఆ కూలి కూడా పేదవాడికి పెద్దదే, నాకు తెలుసు. అందుకే హెచ్చరిక రద్దయిందన్న కబురు కూడా అంతే వేగంగా పల్లెకు చేరాలంటాను.

అపోహ: మొదటి కెరటం పోతే గండం గడిచినట్టే.

1960 మేలో చిలీలో పుట్టిన సునామీ హవాయిలోని హీలోకు చేరింది. తొలి కెరటాలు చిన్నవి కావడంతో కొందరు ఇళ్లకు తిరిగొచ్చారు. మూడోది వచ్చి 61 మందిని తీసుకుపోయింది. కెరటానికి కెరటానికి మధ్య పది నిమిషాల నుంచి గంట దాకా ఉండవచ్చు. మన దగ్గర బోటు ఇంజన్, వల అప్పుల మీద కొన్నవి కాబట్టి మొదటి నీరు తీయగానే వాటి కోసం దిగుతారు. దిగకండి. సరుగుడు తోటలు, మడ అడవులు జోరు తగ్గిస్తాయి కానీ పెద్ద సునామీని ఆపవు, వాటిని నమ్ముకుని ఒడ్డున నిలబడకూడదు.

ఒడిశాలో వెంకట్రాయపూర్, నొలియాసాహి అనే రెండు పల్లెలు 2020లో యునెస్కో నుంచి 'సునామీ రెడీ' గుర్తింపు తెచ్చుకున్నాయి. అందుకు కావలసినవేవీ మనకు అందనివి కావు: నీరు ఎక్కడిదాకా వస్తుందో చూపే పటం, మెట్టకు దారి చూపే బోర్డులు, కబురు అందడానికి ఒకటికి రెండు మార్గాలు, రెండేళ్లకొకసారైనా ఊరంతా కలిసి చేసే డ్రిల్, ఇలాంటి పన్నెండు అంశాలు. మీది తీరం పక్క కాలనీ అయితే ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ గుమ్మం దగ్గర బయల్దేరి మెట్ట దాకా నడవండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. దారిలో గోడలు, తాళం వేసిన గేట్లు, పొంగే గెడ్డలు ఏమున్నాయో చూసి ఆ జాబితాను సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూము నంబరు 1070 ఫోన్లో వేసుకోండి.