20వ లెవెల్‌లో కేప్: సిటీ ఆఫ్ హీరోస్ ఎందుకు గెలిచింది, ఎక్కడ ఓడింది

2004 ఏప్రిల్‌లో సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ వీడియో గేమ్ అమెరికాలో విడుదలైనప్పుడు అందులో ఒక్క హీరో భుజాన కూడా కేప్, అంటే వీపు వెనక వేలాడే గుడ్డ, లేదు. సూపర్‌హీరో ఆటలో కేప్ లేకపోవడమంటే పెళ్లిభోజనంలో పప్పు లేనట్టే. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పరిగెత్తుతుంటే ఊగుతూ, కాళ్లలోంచి దూరిపోకుండా ఉండే గుడ్డను తయారుచేయడం విడుదల నాటికి ఆట కట్టినవాళ్లకు కుదరలేదు. అదే ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్‌లో కుదిరింది. అయితే షాపులో పెట్టి అమ్మేయకుండా దానికో కథ కట్టారు. ఆటలోని ఊరిమీద రిక్తీలనే గ్రహాంతరవాసులు దండెత్తినప్పుడు హీరో వన్ అనే వీరుడు కేప్ వేసుకుని శత్రులోకానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. అతనికి సంతాపంగా ఊళ్లో హీరోలంతా కేప్‌లు వదిలేశారు. 20వ లెవెల్‌కు చేరినవాడు సిటీ హాల్‌కు వెళ్లి, ఆ కథ తెలుసుకుని, చిన్న మిషన్ పూర్తిచేస్తే కేప్ కట్టుకునే హక్కు వస్తుంది.

చేతకానిదాన్ని కథగా మలిచి, ఆ కథనే ఆడేవాడి సొంత జ్ఞాపకంగా మార్చేశారు. నా మటుకు ఈ ఆట బలం అక్కడే ఉంది. బలహీనతలు కూడా చాలావరకు అక్కడినుంచే పుట్టాయి. 2012లో ప్రచురణ కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ తాళం వేసిన ఆటను అభిమానులు మళ్లీ నడుపుతున్నారు, 2024 జనవరిలో ఆ కంపెనీయే వాళ్లకు లైసెన్సు కూడా ఇచ్చింది. ఇంత దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే మొదటినుంచీ చెప్పుకోవాలి.

ఆటను తయారుచేసింది కాలిఫోర్నియాలో 2000లో పెట్టిన చిన్న స్టూడియో క్రిప్టిక్. డబ్బు, సర్వర్లు, ప్రచురణ దక్షిణ కొరియాకు చెందిన ఎన్‌సీసాఫ్ట్‌వి. అప్పటికి ఆన్‌లైన్ ఆటలంటే కత్తులు, డాళ్లు, మంత్రగాళ్లు. ఎవర్‌క్వెస్ట్ అనే ఆట వేసిన దారిలోనే అందరూ నడుస్తున్నారు. ఆ గుంపులో అమెరికన్ కామిక్ పుస్తకాన్ని నమ్ముకుని వచ్చిన ఆట ఇదొక్కటే. అయితే పెద్ద కామిక్ సంస్థలైన మార్వెల్ హీరోలు గానీ, డీసీ హీరోలు గానీ ఇందులో లేరు. ఊరు పారగాన్ సిటీ, రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఉన్నట్టు కల్పన. హీరో ఎవరో నువ్వే తేల్చుకోవాలి.

ఆట తెరవగానే ఎదురయ్యేది యుద్ధం కాదు, అద్దం ముందు అలంకరణ గది. ఒడ్డూ పొడుగూ, దవడ వెడల్పు, ముసుగు, చేతి తొడుగులు, బూట్లు, ఒక్కోదానికీ రెండేసి రంగులు. ముసలమ్మను చేసుకోవచ్చు, ఇనుప బొమ్మను చేసుకోవచ్చు, కోటూ టోపీ వేసుకున్న డిటెక్టివ్‌ను చేసుకోవచ్చు. చివర్లో పేరు పెట్టాలి. ఒక సర్వర్‌లో ఒక పేరు ఒక్కరికే కాబట్టి మంచి పేర్లన్నీ మొదటి వారాల్లోనే అయిపోయాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లు అక్షరాలు అటూఇటూ మార్చి సర్దుకున్నారు. పేరు కింద నాలుగు మాటల్లో ఆ హీరో పుట్టుకథ రాసుకునే పెట్టె కూడా ఉండేది. మన నాటకాల్లో వేషం కట్టేవాళ్లను అడగండి, ముఖానికి రంగు పూసుకునే గంటసేపట్లోనే సగం పాత్ర వచ్చేస్తుందంటారు. ఆ గది చేసిన పని అదే. గంటలకొద్దీ అక్కడే కూర్చుని, శత్రువు ముఖం చూడకుండానే రాత్రి ముగించినవాళ్లు కోకొల్లలు.

ఆ గదే కోర్టుకు లాగింది. 2004 నవంబర్‌లో మార్వెల్ సంస్థ ఎన్‌సీసాఫ్ట్, క్రిప్టిక్‌ల మీద దావా వేసింది. మీ అలంకరణ గదిలో ఎవరైనా మా వుల్వరిన్‌నీ హల్క్‌నీ తయారు చేసుకోగలుగుతున్నారు, అది మా హక్కుల ఉల్లంఘన అని వాదన. క్రేయాన్లు అమ్మినవాడి మీద, పిల్లాడు గీసిన బొమ్మకు కేసు పెట్టినట్టు ఉందని అప్పట్లోనే చాలామంది నవ్వుకున్నారు. పైగా సాక్ష్యంగా చూపించిన కొన్ని పాత్రలను మార్వెల్ తరఫువాళ్లే తయారుచేశారని విచారణలో తేలింది. 2005 మార్చిలో జడ్జి కొన్ని ఆరోపణలను కొట్టేశారు. డిసెంబర్‌లో రాజీ కుదిరింది, అలంకరణ గదిలో ఏ మార్పూ చేయనక్కర్లేకుండానే కేసు ముగిసింది. ఎవరైనా మరీ పచ్చిగా కాపీ కొడితే ఆట సిబ్బంది ఆ పాత్ర పేరు తీసేసి, బట్టలు మార్చేసి, అనామక హీరోగా వదిలేవారు.

ఆట లోపలికి వెళ్తే ఇంకో రెండు మంచి ఆలోచనలు కనిపిస్తాయి. ఒకటి సైడ్‌కిక్ పద్ధతి. మిగతా ఆటల్లో నువ్వు 40వ లెవెల్‌లో, నీ తమ్ముడు 5లో ఉంటే ఇద్దరూ కలిసి ఆడటం ఉత్త మాట. ఇక్కడ పెద్దవాడు చిన్నవాడిని పక్కన పెట్టుకుంటే చాలు, చిన్నవాడి బలం అక్కడికక్కడే పెద్దవాడి దగ్గర దాకా పెరుగుతుంది. 2009లో దీన్ని టీం మొత్తానికీ దానంతటదే జరిగేలా చేశారు. ఇప్పుడు మామూలైపోయిన ఈ సౌకర్యం అప్పట్లో చాలా కొత్త. రెండోది టీం కూర్పు. ఒక టీంలో ఎనిమిది మంది. మిగతా ఆటల్లోలాగా దెబ్బలు కాచుకునేవాడు, వైద్యం చేసేవాడు వచ్చేదాకా గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చోనక్కర్లేదు. ఇక్కడ డిఫెండర్ అంటే మందులు పూసేవాడు కాదు, శత్రువు బలాన్ని పీల్చేసేవాడు, మనవాళ్ల బలం పెంచేవాడు. ఎనిమిది మందీ డిఫెండర్లే అయినా గెలిచేస్తారు. ఎవరొస్తే వాళ్లతో ఆడేయొచ్చు కాబట్టే అక్కడ జనం మర్యాదగా ఉండేవాళ్లని పాత ఆటగాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఇక ఎగరడం. 14వ లెవెల్ దాకా రోడ్ల మీద పరుగే, ఆ తర్వాత ఆకాశం. హాలోస్ అనే గోతుల పేటలో 10వ లెవెల్ హీరో ఈ చివరనుంచి ఆ చివరకు కాలినడకన బతికి వెళ్లడమే ఒక సాహసం. అది దాటి మొదటిసారి గాల్లోకి లేచి, నిన్నటిదాకా తరిమి కొట్టిన గూండాలను పైనుంచి చూసిన క్షణాన్ని ఆడినవాడెవడూ మరిచిపోలేదు.

అంతా బాగానే ఉంది, మరి మిషన్లు? గోడౌన్, ఆఫీసు, మురుగు కాలువ, నీలం రంగు గుహ. మళ్లీ గోడౌన్. తలుపు బయట ఏ కథ చెప్పినా, తలుపు తీస్తే అవే గదులు, అవే మెట్లు, ఆ మూలన అవే అట్టపెట్టెలు. నెల తిరిగేసరికి కళ్లు మూసుకుని నడవొచ్చు. కొల్లగొట్టే సొత్తు కూడా మొదట్లో లేదు. కత్తి దొరికింది, కిరీటం దొరికింది అనే సంబరం లేదు, ఎందుకంటే నీ బట్టలు నువ్వు ఎంచుకున్నవి, అవి మారకూడదు. దొరికేవి శక్తులకు పదును పెట్టే ఎన్‌హాన్స్‌మెంట్లు మాత్రమే. డబ్బు కూడా డబ్బు కాదు, హీరోకైతే పలుకుబడి, విలన్‌కైతే అపకీర్తి. ఆలోచన నాకు భలే నచ్చుతుంది. కానీ 50వ లెవెల్‌కు చేరాక ఈ పలుకుబడితో ఏం చేయాలన్నదానికి చాలాకాలం సమాధానం లేదు. వస్తువులు తయారుచేసుకోవడం, వేలంశాల 2007లో గానీ రాలేదు. ఈలోగా 2004 నవంబర్‌లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే పోటీ ఆట వచ్చి కూర్చుంది. చివరి లెవెల్ తర్వాతే అసలు ఆట మొదలవుతుందని జనానికి అలవాటు చేసింది అదే.

సమతూకం ఇంకో తలనొప్పి. ఎవరికి నచ్చిన శక్తులు వాళ్లు కలుపుకోవచ్చని వదిలేస్తే ఏమవుతుంది? దెబ్బలు కాచుకునే ట్యాంకర్ రకం హీరో ఒకడు మ్యాప్‌లో ఉన్న శత్రువులందరినీ రెచ్చగొట్టి, వెంటేసుకుని పరిగెత్తుకొచ్చి, చెత్తకుండీ దగ్గర కుప్పపోస్తాడు. మిగతావాళ్లు ఒక్క దెబ్బతో ఊడ్చేస్తారు. సరదాగానే ఉండేది, కానీ ఆటకు అర్థం పోయింది. లీడ్ డిజైనర్ జాక్ ఎమర్ట్ హయాంలో 2005లో వరుసగా రెండు అప్‌డేట్లతో కోతలు పడ్డాయి. మొదట రక్షణ శక్తులు తగ్గాయి. అక్టోబర్‌లో ఒక శక్తికి ఒకే రకం పదును మూడుసార్లకు మించి పెడితే లాభం నామమాత్రం అయిపోయింది. ఒక శక్తికి ఉండే ఆరు అరల్లోనూ ఒకే రకం ఎన్‌హాన్స్‌మెంట్ నింపుకున్నవాళ్ల హీరో తెల్లారేసరికి సగమయ్యాడు. లెక్కప్రకారం చూస్తే డిజైనర్లదే న్యాయం. కానీ నువ్వు కట్టుకున్న హీరోను నువ్వు నిద్రపోతుండగా ఎవరో తగ్గించేస్తే లెక్కలు ఎవడికి కావాలి? ఆ గాయం ఏళ్ల తరబడి మానలేదు.

2005 అక్టోబర్‌లోనే సిటీ ఆఫ్ విలన్స్ వచ్చింది, చెడ్డవాళ్లకూ చోటు దొరికింది. క్రిప్టిక్ మనసు వేరే వైపు మళ్లింది. కేసు పెట్టిన మార్వెల్ పాత్రలతోనే, మైక్రోసాఫ్ట్ కోసం కొత్త ఆట మొదలుపెట్టింది! అది 2008లో ఆగిపోయింది, క్రిప్టిక్ ఆ తర్వాత 2009లో ఛాంపియన్స్ ఆన్‌లైన్ తెచ్చింది. 2007 నవంబర్‌లో ఎన్‌సీసాఫ్ట్ సిటీ ఆఫ్ హీరోస్ హక్కులు పూర్తిగా కొనేసి, ఉన్న మనుషులతోనే కాలిఫోర్నియాలో కొత్త స్టూడియో పెట్టింది. దానికే తర్వాత పారగాన్ స్టూడియోస్ అని పేరు.

ఆ కొత్త స్టూడియో చేసిన తెగువ 2009 ఏప్రిల్‌నాటి మిషన్ ఆర్కిటెక్ట్, ఆటగాళ్లే మిషన్లు తయారుచేసుకునే సాధనం. హీరోను నువ్వే తయారుచేసుకున్నావు, ఇక కథ కూడా నువ్వే రాయి అన్నారు. మంచి కథలు వచ్చాయి. వాటికి ఎన్నో రెట్లు తేరగా లెవెళ్లు పెంచే మిషన్లూ వచ్చాయి. ఆటలోని అట్లాస్ పార్క్ అనే పేటలో ఒక్క భవనం దాటి బయటికి రాకుండా 50వ లెవెల్‌కు చేరినవాళ్లు తయారయ్యారు. అంత పెద్ద హీరో వీధిలో నిలబడి, రైలు ఎక్కడ ఎక్కాలండీ అని అడిగేవాడు.

పోటీగా వచ్చినవాళ్ల దారి వేరు. 2011 జనవరిలో వచ్చిన డీసీ యూనివర్స్ ఆన్‌లైన్‌లో పోరాటం చురుకు, బొమ్మ అందం, సూపర్‌మ్యాన్ స్వయంగా నీ గురువు. కానీ బ్యాట్‌మ్యాన్ ఉన్న ఊళ్లో నువ్వెప్పటికీ శిష్యుడివే. 2013లో వచ్చిన మార్వెల్ హీరోస్‌లో అయితే నువ్వు నేరుగా ఐరన్ మ్యాన్‌వే, నీతోపాటు పక్కన ఇంకో నలుగురు ఐరన్ మ్యాన్‌లు. అరువు తెచ్చుకున్న పాత్రలతో ఇంకో గండం ఉంది. 2017 నవంబర్‌లో డిస్నీ సంబంధం తెంచుకోగానే ఆ ఆట ఆ నెలాఖరులోపే మూతపడింది.

సొంత పాత్రలున్నంత మాత్రాన సిటీ ఆఫ్ హీరోస్‌కు పూచీ ఏమీ లేదు. 2012 ఆగస్టు 31న, కంపెనీ దృష్టి మారుతోందన్న ఒక ప్రకటనతో స్టూడియో మూసేశారు, దాదాపు 80 మంది ఉద్యోగాలు పోయాయి. అంతకు ఏడాది ముందే ఉచితంగా ఆడుకునే పద్ధతి పెట్టి జనాన్ని పిలిచారు. అభిమానులు సంతకాలు సేకరించారు, అట్లాస్ పార్క్‌లో దివిటీలతో బారులు తీరారు. అమ్మే ప్రయత్నాలతో సహా అన్నీ చూశాం, కుదరలేదని కంపెనీ జవాబిచ్చింది. నవంబర్ 30 రాత్రి అదే కూడలిలో హీరోలూ విలన్లూ కలిసి నిలబడి మాట్లాడుకుంటుండగా, మ్యాప్‌సర్వర్‌తో సంబంధం తెగిపోయిందనే మామూలు సందేశం ఒకటి తెరమీద పడింది.

తర్వాత ఆరేళ్లకు పైగా అభిమానులు దుఃఖించారు, వారసులంటూ కొత్త ఆటలకు చందాలిచ్చారు. 2019 ఏప్రిల్‌లో బయటపడిందేమిటంటే, ఆట చచ్చిపోనే లేదు. ఒక చిన్న బృందం అసలు కోడ్ సంపాదించి, పిలిచినవాళ్లకు మాత్రమే తలుపు తీస్తూ, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని ఏళ్ల తరబడి రహస్య సర్వర్ నడుపుతోంది! సంతోషించాలో కోప్పడాలో జనానికి తెలియలేదు. దివిటీ పట్టుకుని ఏడ్చిన పక్కవాడు మర్నాడు లోపల ఆడుకుంటున్నాడేమోనన్న ఆలోచన మామూలుది కాదు. గోల పెరిగాక కోడ్ బయటికి వచ్చింది, హోమ్‌కమింగ్ లాంటి అభిమానుల సర్వర్లు వారాల్లో లేచాయి, వేలాదిమంది వచ్చిపడ్డారు.

నాలుగున్నరేళ్లు చట్టానికి అటూఇటూ కాకుండా చందాలమీద నడిచిన హోమ్‌కమింగ్‌కు ఎన్‌సీసాఫ్ట్ 2024 జనవరిలో అధికారికంగా అనుమతి ఇచ్చింది. హక్కులు ఇప్పటికీ కంపెనీవే. నెల చందా కట్టాల్సిన పనిలేదు, రహస్య బృందం కాలంలో పుట్టిన సెంటినెల్ అనే కొత్త రకం పాత్ర కూడా అందులో ఉంది. గోడౌన్లు మాత్రం అవే. ఎగరడానికి 14 దాకా ఆగక్కర్లేదు, 4వ లెవెల్ చాలు. కేప్ కావాలంటే మొదటిరోజే అలంకరణ గదిలోనే భుజాన వేసుకోవచ్చు, హీరో వన్ ఎవరో తెలియకపోయినా సరే.