మంచు కురుస్తున్నా ముఖం ఎందుకు ఎండుతుంది?

ధనుర్మాసంలో తెల్లవారుజామున రావులపాలెం నుంచి అమలాపురం వైపు బండి మీద వెళ్తుంటే కొబ్బరాకుల కొసల నుంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతుంటుంది. హెల్మెట్ అద్దం నిమిషానికోసారి తుడుచుకోవాలి. అంత తడిగాలిలో తిరిగొచ్చినా ముఖం బిగుసుకుపోతుంది, పెదవులు చిట్లుతాయి, పిక్క మీద గోటితో గీస్తే ముగ్గుకర్రతో గీసినట్టు తెల్లటి గీత పడుతుంది. అదే ముఖం మీద నుదుటి దగ్గరా గడ్డం మీదా మొటిమలూ లేస్తాయి. పొడిబారిందని నూనె రాస్తే మొటిమలు పెరుగుతాయి. మొటిమలని సబ్బుతో రుద్దితే ముఖం మంటెక్కుతుంది. కోనసీమలో, భీమవరం నరసాపురం వైపు ఇళ్లలో ప్రతి చలికాలం ఈ రెండింటి మధ్యే నలుగుతుంటారు.

ముందు గాలి లెక్క చూద్దాం. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 18 డిగ్రీల దగ్గర, మంచు పట్టి గాలి పూర్తిగా నిండిపోయినా, మోసేది 15 గ్రాములే. ఆ గాలి మన చర్మాన్ని తాకగానే వేడెక్కుతుంది. చర్మం ఉపరితలం దాదాపు 32 డిగ్రీలు ఉంటుంది, ఆ వేడి దగ్గర గాలికి 34 గ్రాముల దాకా చోటుంది. అంటే నూటికి నూరు శాతం తేమతో వచ్చిన మంచుగాలి ఒంటిని తాకేసరికి 45 శాతం తేమ ఉన్న పొడిగాలి అయిపోతుంది. మిగతా చోటును మన చర్మంలోని నీటితో నింపుకుంటుంది. బండి మీద వెళ్తుంటే ఎదురుగాలి వల్ల ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది.

చర్మం పైపొరను ఇటుకల గోడ అనుకోండి. చచ్చిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంటాయి. లోపలి నీరు బయటికి పోకుండా ఆపేది ఈ సున్నమే. మొటిమ పుట్టేది మాత్రం గోడలో కాదు, వెంట్రుక మొలిచే గొట్టంలో. ఆ గొట్టం మూతి దగ్గర చచ్చిన కణాలు అట్టకట్టి మూసుకుపోతాయి. వెనక నూనె గ్రంథి నుంచి వచ్చే జిడ్డు నిలిచిపోతుంది. అక్కడ సహజంగా ఉండే క్యూటిబాక్టీరియం ఆక్నీస్ అనే సూక్ష్మజీవి (2016 దాకా దీన్ని ప్రొపియోనిబాక్టీరియం అనేవారు) ఆ జిడ్డు మీద పెరుగుతుంది, చుట్టూ వాపు వస్తుంది. ముఖం ఎండితే శరీరం పగబట్టినట్టు ఎక్కువ నూనె ఊరిస్తుందని చాలామంది చెబుతారు. దానికి గట్టి ఆధారం లేదు. నూనెను నడిపేది ప్రధానంగా హార్మోన్లు. చలికాలంలో జరిగేది వేరు: గోడ దెబ్బతిని చర్మం పొట్టు లేస్తుంది, చిరాకుపడుతుంది, ఉన్న మొటిమలు ఎర్రబడతాయి, వాడుతున్న మందు మంటపుట్టి మానేయాల్సి వస్తుంది.

ఇక కొబ్బరి నూనె. ఈ నేల మీద దాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే, కాదనక్కర్లేదు కూడా. కాళ్లకూ చేతులకూ వీపు కింది భాగానికీ స్నానం కాగానే తడి ఆరకముందే పల్చగా రాస్తే అది చక్కటి మందు. పొడి చర్మానికి మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. కానీ ముఖం, ఛాతీ, భుజాల సంగతి వేరు. నుదురు, బుగ్గలు, గడ్డం, ఛాతీ, భుజాల దగ్గర నూనె గ్రంథులు పెద్దవి, దట్టంగా ఉంటాయి. అక్కడ బయటి నూనె కూడా చేరితే గొట్టం మూతి తొందరగా మూసుకుంటుంది. తలకు పెట్టిన జిడ్డు నుదుటి మీదికి దిగి వచ్చే మొటిమలను చర్మవైద్యులు 1970లోనే పొమేడ్ యాక్నే అని వర్ణించారు. జుట్టు మొదలు పక్కనే వరసగా సన్నటి గింజల్లా వస్తాయి. మరో చిక్కు ఉంది. మలసీజియా అనే ఫంగస్ కొవ్వు ఆమ్లాలను తిని బతుకుతుంది. నుదుటి మీద, ఛాతీ మీద, వీపు మీద అన్నీ ఒకే పరిమాణంలో చిన్న చిన్నగా లేచి దురద పెడుతుంటే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు, ఆ ఫంగస్ వల్ల వచ్చినవి కావచ్చు. వాటికి యాంటీబయాటిక్ మింగితే తగ్గకపోగా పెరగొచ్చు.

భోగి తలంటు మానమని ఎవరమూ చెప్పం. క్రమం మార్చుకుంటే చాలు. నూనె మాడుకు పెట్టేటప్పుడు కనుబొమల పైన తుండుగుడ్డ కట్టండి. అరగంటకు మించి ఉంచొద్దు. కుంకుడు రసంతో తల రుద్దుకున్నాక తల వెనక్కి వాల్చి నీళ్లు పోసుకోండి. ఒళ్లంతా అయ్యాక చివర్లో ముఖాన్నీ మెడనూ వీపునూ విడిగా కడగండి, ఎందుకంటే నూనె, కుంకుడు నురగ దిగేది అక్కడికే. సున్నిపిండి కాళ్లకూ చేతులకూ సరే. మొటిమలున్న ముఖం మీద మాత్రం వద్దు. వేళ్ల మధ్య నలిపి చూస్తే పెసరపిండి గరుకు తెలుస్తుంది. వాచిన మొటిమ మీద ఆ గరుకు రాపిడి పడితే అది లోపలికి చితుకుతుంది, మచ్చ మిగులుతుంది. నిమ్మరసం, టూత్‌పేస్టు కూడా చర్మాన్ని కాల్చేవే.

నీళ్ల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. సబ్బు రుద్దితే నురగ రాదు, బకెట్ అంచున విరిగిన పాలలా తెల్లటి మడ్డి పడుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తయారైన మడ్డి అది. ముఖం మీదా అదే అంటుకుంటుంది. దానికి తోడు మామూలు సబ్బు క్షారగుణం 9 నుంచి 10 పీహెచ్ దాకా ఉంటుంది, చర్మానికి కావలసింది 5 అటూఇటూ. అందుకే బోరు నీళ్లున్న ఇంట్లో ముఖానికి సబ్బు కాకుండా నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్ వాడటం మేలు. చివరగా ఒక చెంబుడు మంచినీళ్లు, ఫిల్టర్ నీళ్లయినా సరే, ముఖం మీద పోసుకోవాలి. నీళ్లు గోరువెచ్చగా చాలు. మోచేతితో చూస్తే వేడిగా అనిపించకూడదు. పొగలు కక్కే నీళ్లు హాయిగానే ఉంటాయి గానీ గోడలోని సున్నాన్ని కడిగేస్తాయి. రోజుకు రెండుసార్లు కడిగితే సరిపోతుంది.

కడిగాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, రెండు మూడు నిమిషాల్లోపు, ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. జిడ్డు ముఖమైనా సరే. డబ్బా మీద గ్లిజరిన్, సెరమైడ్, నియాసినమైడ్ లాంటి పేర్లున్న జెల్ గానీ పల్చటి లోషన్ గానీ చూడండి. రెండు బఠానీ గింజలంత చాలు. నాన్ కమెడోజెనిక్ (గొట్టాల మూతులు మూయనిది) అని రాసి ఉంటే మంచిదే, అయితే ఆ మాటకు చట్టబద్ధమైన ఒకే పరీక్ష ఏదీ లేదు. కాబట్టి మూడు నాలుగు వారాలు వాడి చూసుకోవాలి. పెదవులకూ ముక్కు అంచులకూ పెట్రోలియం జెల్లీ అద్దుకోవచ్చు. చూడటానికి జిడ్డుగా ఉన్నా అది మొటిమలు పుట్టించే రకం కాదు.

మందుల్లో, మొటిమల సూక్ష్మజీవిని చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం చాలు. 10 శాతం వాడినా ఫలితం దాదాపు అంతే, మంట మాత్రం ఎక్కువ. చలికాలంలో దాన్ని పూసి రెండు నుంచి ఐదు నిమిషాలుంచి కడిగేయొచ్చు. ఈ మందు అంటితే రంగు దిండు గలీబులు తెల్లబడతాయి, తెల్ల గుడ్డ పరుచుకోండి. బ్లాక్‌హెడ్స్ ఎక్కువగా ఉంటే, గొట్టాలు మూసుకోకుండా చూసే అడాపలీన్ 0.1 శాతం జెల్ డాక్టరు సలహాతో వాడాలి. ముందు మాయిశ్చరైజర్, పావుగంట ఆగి ముఖం పూర్తిగా ఆరాక బఠానీ గింజంత జెల్, మొదట రెండు రోజులకోసారి, అదీ రాత్రిపూటే. తప్పు జరిగేది ఇక్కడే: మొటిమ మీద చుక్క పెట్టి వదిలేస్తారు. మొటిమ పైకి కనిపించడానికి వారాల ముందే లోపల గొట్టం మూసుకుంటుంది, కాబట్టి ముఖమంతా పల్చగా రాయాలి. రెండో వారంలో పొట్టు లేస్తే మందు మానక్కర్లేదు, రోజులు తగ్గించుకోవాలి. ఫలితం 8 నుంచి 12 వారాలకు కనిపిస్తుంది. సంక్రాంతికి ముఖం తేటగా కావాలనుకునేవారు కార్తీక మాసం మొదట్లోనే మొదలుపెట్టాలి. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు.

మంకీ క్యాప్, మఫ్లర్, హెల్మెట్ గడ్డం పట్టీ చెమటా జిడ్డూ పీల్చుకుని నెలల తరబడి ఉతుకు చూడవు. అవి రాసుకునే చోటే మొటిమలు వస్తుంటే వారానికోసారి ఉతకండి, హెల్మెట్ లోపల నూలు గుడ్డ వేసుకోండి. చలికాలమని ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. ఈ అక్షాంశంలో జనవరి మధ్యాహ్నం కూడా అతినీలలోహిత కిరణాలు గట్టిగానే ఉంటాయి. మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చ వాటి వల్లే నెలలు పోయినా చెరగదు. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవంత ముఖానికీ మెడకూ పట్టించాలి.

అన్నింటికంటే ఎక్కువ చెరుపు చేసేది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీమ్. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు ట్యూబు మీద ఉంటే అది స్టెరాయిడ్. వారంలో ముఖం తెల్లగా నున్నగా అవుతుంది, మొటిమలు అణిగినట్టుంటాయి. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడి ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి, ఆడపిల్లల బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి, మానగానే మొటిమలు ఒక్కసారిగా ఎగదన్నుతాయి. ఇలాంటి క్రీములను కేంద్రం 2018లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అయినా చుట్టాలు చెప్పారని, పక్కింటి అమ్మాయికి తగ్గిందని కొంటూనే ఉన్నారు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయకుండా, ఆ ట్యూబు చేతపట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఎన్నాళ్లు వాడారో దాచకుండా చెప్పాలి. గడ్డల్లా లోతుగా నొప్పెట్టే మొటిమలున్నా, గుంతలు పడుతున్నా, దవడ వెంబడి మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్నా కూడా ఇంటి చిట్కాలతో కాలం గడపొద్దు.