పగ్గం సడలే క్షణం

మూడేళ్ల గుర్రం మీద మొదటిసారి మనిషి ఎక్కుతుండగా దగ్గర నిలబడి చూసినవారికి అందులో చూడదగ్గదేమీ లేదనిపిస్తుంది. పని సవ్యంగా సాగుతున్నప్పుడు అలాగే అనిపించాలి కూడా. ఒకరు గుర్రం తల పక్కన తాడు వదులుగా పట్టుకుని నిలబడతారు. రెండోవారు జీను మీద చేతులు ఆనించి, ఉన్నచోటనే రెండు మూడుసార్లు ఎగిరి దిగుతారు. తర్వాత పొట్ట జీనుకు ఆనేలా అడ్డంగా వాలి, ఒకటి రెండు ఊపిరుల సేపు అలాగే ఉండి, తిరిగి జారి దిగిపోతారు. గుర్రం చెవి ఒకటి వెనక్కి తిరిగి, కాసేపటికి ముందుకు వస్తుంది. ఇదే పని పదిసార్లు జరుగుతుంది. కాలు అటువైపుకు వేసి నిటారుగా కూర్చోవడం ఆ రోజే జరగవచ్చు, వారం తర్వాత జరగవచ్చు. బయటివారు గుర్రానికి స్వారీ నేర్పడమంటే ఇదే అనుకుంటారు గానీ, నెలల తరబడి సాగే చదువులో ఇది ఒక మెట్టు మాత్రమే. ఆ చదువు మొత్తంలో, మనిషి పెట్టే ఒత్తిడి కన్నా ఆ ఒత్తిడిని అతను తీసేసే క్షణమే గుర్రానికి ఎక్కువ నేర్పుతుంది. గుర్రం మనసు విషయంలోనే కాదు, దాని ఎముకల విషయంలోనూ ఇంచుమించు ఇదే సూత్రం పనిచేయడం విశేషం.

ముందుగా, వీపు మీదికి ఎక్కడం గుర్రానికి ఎందుకంత పెద్ద సంగతో చూడాలి. దాని కళ్లు తలకు రెండు పక్కల ఉండడం వల్ల మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి ఎదురుగా కొంత, తోక వెనుక కొంత మాత్రమే దానికి కనబడవు. పచ్చిక మైదానాల్లో వేటమృగాల నుంచి తప్పించుకుంటూ బతికిన జంతువుకు ఇది అవసరమైన ఏర్పాటే. అలాంటి మృగాలు గుర్రం మీద దూకి పట్టుకునే చోటు, మనిషి కూర్చోదలచిన చోటు ఒక్కటే. పైగా రౌతు కాలు వెనుక భాగం మీదుగా అటువైపుకు వెళ్లేటప్పుడు, అప్పటిదాకా ఎడమ కంటికి నేల మీద నిలబడి కనిపించిన మనిషి ఒక్కసారిగా కుడి కంటికి, అదీ పైన, ప్రత్యక్షమవుతాడు. వీపు వంచి ఎగిరి దాన్ని విదిల్చుకోవాలని చూసే గుర్రం పొగరుబోతుదేమీ కాదు. దాని పూర్వీకులను బతికించిన పనినే అది చేస్తోంది.

అందుకే అనుభవజ్ఞులు జీను కింది గుడ్డ దగ్గర నుంచి ప్రతిదాన్నీ రెండు వైపుల నుంచీ అలవాటు చేస్తారు. దీనికి కారణంగా, గుర్రం మెదడులో ఒక పక్క నేర్చుకున్నది రెండో పక్కకు చేరదనే మాట చాలాకాలంగా చెలామణిలో ఉంది. అది నిజం కాదు. ఒక కంటితో నేర్చుకున్న గుర్తును రెండో కంటితోనూ గుర్రాలు పోల్చుకోగలవని 1999లో వెలువడిన ప్రయోగాలు తేల్చాయి. అయినా రెండు వైపులా అలవాటు చేయడం మంచిదే. వేరే కోణం నుంచి చూసినప్పుడు ఒకే వస్తువు దానికి వేరే వస్తువులా తోచవచ్చు, ఎడమ డొక్కకు తగిలిన పట్టీ కుడి డొక్కకు కొత్తే.

అలవాటు చేయడంలోనూ తేడాలున్నాయి. డెన్మార్క్‌లో రెండేళ్ల వయసున్న 27 మగ గుర్రాలతో జరిగిన ఒక ప్రయోగం 2006లో ప్రచురితమైంది. కదిలే తెల్లటి నైలాన్ సంచికి బెదరకుండా వాటికి నేర్పాలి. ఒక జట్టుకు సంచిని మొదటినుంచీ పూర్తిగా చూపిస్తూ, అవి శాంతించేదాకా అలాగే కొనసాగించారు. ఇంకో జట్టుకు అదే సంచిని చిన్న చిన్న మెట్లుగా, బెదురు తగ్గిన కొద్దీ దగ్గర చేస్తూ పరిచయం చేశారు. మూడో జట్టుకు ముందుగా సంచికీ మేతకూ ముడిపెట్టారు. మెట్లు మెట్లుగా వెళ్లిన జట్టు గుర్రాలు తక్కువసార్లు బెదిరి తప్పుకున్నాయి, తక్కువ పాఠాలతో గట్టెక్కాయి, వాటిలో నేర్చుకోకుండా మిగిలిపోయినది ఒక్కటీ లేదు. మిగతా రెండు జట్లలో కొన్ని చివరిదాకా నేర్చుకోలేకపోయాయి. నెమ్మదిగా వెళ్లడం దయాగుణం మాత్రమే అనుకునేవారికి ఈ ఫలితం చెప్పేదేమిటంటే, అది దగ్గరి దారి కూడా.

తెలుగులో ఈ పనికి రెండు మాటలున్నాయి: లొంగదీయడం, మచ్చిక చేయడం. అమెరికా నుంచి ఇంగ్లండ్ వెళ్లి 1858లో విక్టోరియా రాణి ఎదుట తన విద్య ప్రదర్శించిన జాన్ రేరీ, గుర్రం ముంగాలు ఒకటి మడిచి పట్టీతో కట్టి, అది అలసి నేల మీద పడుకునేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత మృదువుగా నిమిరేవాడు. కొట్టి లొంగదీయడమే ఆనవాయితీగా ఉన్న కాలంలో అది ముందడుగే. కానీ తప్పించుకునే దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు జంతువు చూపే నిశ్చలత్వం ప్రశాంతత కాకపోవచ్చు. ఏం చేసినా ఫలితం లేదని తెలిసిన ప్రాణి ప్రయత్నమే మానేస్తుంది. చూడడానికి అది బుద్ధిగా నిలబడినట్టే ఉంటుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. ఇంతకన్నా చాలా ముందే, క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో, గ్రీకు సేనాని జెనొఫోన్ పిల్లగుర్రాన్ని శిక్షకుడికి అప్పగించే ముందే మనుషుల చేతులకు మచ్చిక చేయాలనీ, దానికి నిమిరించుకోవడం ఇష్టమైన చోట్ల నిమరాలనీ, సందడి ఉన్న చోట్లకు తీసుకెళ్లి అలవాటు చేయాలనీ రాశాడు.

ఇక అసలు పాఠానికి వద్దాం. నేల మీద నిలబడి, తలకు తగిలించిన తాడును వెనక్కి ఒక్క రవ్వ బిగిస్తే గుర్రానికి ముక్కు మీద చిన్న ఒత్తిడి తెలుస్తుంది. అది రకరకాలుగా ప్రయత్నిస్తుంది: తల ఎత్తుతుంది, పక్కకు తిప్పుతుంది, ముందుకు నెడుతుంది. చివరికి ఎప్పుడో ముంగాలు ఒకటి వెనక్కి వేస్తుంది. ఆ కాలు నేల తాకకముందే తాడు వదులైపోవాలి. ఆలస్యమైతే, వదులయ్యే సమయానికి గుర్రం తల ఎత్తి ఉంటుంది, అప్పుడు అది నేర్చుకునేది తల ఎత్తడమే. మనస్తత్వశాస్త్రంలో దీన్ని ఋణాత్మక పునర్బలనం అంటారు. ఋణాత్మకం అన్నంత మాత్రాన చెడ్డదని అర్థం కాదు, ఇబ్బందిని తీసివేయడమే ఇక్కడ బహుమానమని అర్థం. ఈగ వాలినా చర్మాన్ని ఆ మేరకే అదిలించి దాన్ని తోలగల జంతువుకు ఒత్తిడి ఎంత చిన్నదైనా సరిపోతుంది. నేర్పేవాడి నైపుణ్యమంతా వదిలే వేళలోనే ఉంది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. కఠినంగా ఉండమని చెప్పడానికి దీన్ని వాడుతుంటారు గానీ, నా ఉద్దేశంలో సామెతలోని మెత్తదనానికి దయతో సంబంధం లేదు. ఎప్పుడు పడితే అప్పుడు పగ్గం వదిలేసే రౌతు, గుర్రం కుంటినట్టు నటించిన వేళ వదిలితే కుంటడమే నేర్పుతాడు. అదే రౌతు ఎప్పటికీ వదలకుండా పట్టుకుని కూర్చుంటే గుర్రం నోరు మొద్దుబారుతుంది. నోరు మొద్దుబారిన గుర్రమని మనం అనేది, చాలాసార్లు, తాను ఏం చేసినా ఒత్తిడి తగ్గదని నేర్చుకున్న గుర్రం.

నేల మీద నేర్చిన ఈ భాషనే వీపు మీదికి తరలించాలి. దీనికో వరస ఉంది. నిలబడమనే మాటను ముందు పలికి, ఆ వెంటనే గుర్రానికి ఇదివరకే తెలిసిన తాడు సంకేతం ఇస్తే, కొన్నాళ్లకు మాట వినగానే ఆగుతుంది. రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల్లో గమనించిన సంగతే ఇది. కొత్తది ముందు రావాలి, పాతది దాని వెనుక రావాలి. రెండూ కలిసి వస్తే గుర్రం పాతదాన్నే పట్టించుకుని కొత్తదాన్ని వదిలేస్తుంది. అందువల్ల మొదటి స్వారీలో గుర్రం మీద ఉన్నవాడు దాదాపు మూటలాగే కూర్చుంటాడు, ఆజ్ఞలు నేల మీద ఉన్నవాడి నుంచే వస్తాయి. తర్వాత్తర్వాత మీదున్నవాడు ముందుగా కాలు సుతారంగా ఆనిస్తాడు, కిందివాడు ఆ వెనుక మాట కలుపుతాడు, చివరికి కిందివాడి అవసరం తీరిపోతుంది. ఈ దశలో జరిగే తప్పుల్లో పెద్దది, కాళ్లతో పొమ్మంటూనే పగ్గంతో ఆగమనడం. ఏది చేసినా ఏదో ఒక ఒత్తిడి మిగిలే ఉండే ఆ ఇరుకులో గుర్రం తోక విసురుతుంది, పళ్లు నూరుతుంది, కొన్నిసార్లు దౌడు తీస్తుంది.

వదలడమనేది రోజుల లెక్కలోనూ వర్తిస్తుంది. 1980లో పోనీలతో, అంటే పొట్టి జాతి గుర్రాలతో, జరిగిన ఒక అధ్యయనంలో కొన్నిటికి రోజూ, కొన్నిటికి వారానికి రెండుసార్లు, మరికొన్నిటికి వారానికి ఒక్కసారే ఒకే పాఠం చెప్పారు. అన్నిటికన్నా తక్కువ పాఠాలతో నేర్చుకున్నవి వారానికొక్కసారి వచ్చినవే. క్యాలెండరులో చూస్తే వాటికి ఎక్కువ రోజులు పట్టిన మాట నిజమే, కానీ గుర్రం నోటి మీద, వీపు మీద పడిన పని తక్కువ.

శరీరం దగ్గరికి వస్తే విషయం చిక్కుపడుతుంది. ఎముకల చివర్లలో ఉండే పెరుగుదల మృదులాస్థి పలకలు కాలి కొస నుంచి పైకి ఒక్కొక్కటిగా ఎముకగా మారి మూసుకుంటాయి. గిట్టలోని ఎముకలో పుట్టేనాటికే ఆ పని దాదాపు పూర్తయి ఉంటుంది. ముంగాలి మోకీలుకు పైనున్న ఎముక కింది కొసకు రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. వెన్నుపూసలకు ఐదేళ్లు దాటినా పట్టవచ్చు. పందెపు థరోబ్రెడ్ గుర్రాలు రెండో ఏటే పరుగు పందేల్లో దిగుతాయి. ఉత్తరార్ధగోళంలో వాటన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజుగా లెక్కిస్తారు కాబట్టి, కాగితం మీది రెండేళ్లు నిజానికి ఇరవై నెలలే కావచ్చు. మరోవైపు ఐస్‌లాండ్ గుర్రాలకు నాలుగేళ్లు వచ్చేదాకా సాధారణంగా జీను వేయరు. వెన్నుపూసలు గట్టిపడేదాకా గుర్రాన్ని ముట్టుకోకూడదని కొందరంటారు. అది కూడా తప్పే అవుతుంది. ఎందుకంటే ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను దిద్దుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియుస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు, లాయంలో కదలకుండా పెరిగిన పిల్లల కన్నా బయలులో పరుగెత్తుతూ పెరిగిన పిల్లల ఎముకలు బలంగా ఉంటాయి.

ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నదే ప్రశ్న. పక్షుల రెక్క ఎముకపై 1984లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, రోజుకు కేవలం 4 సార్లు బరువు మోపి తీసేస్తే ఎముక క్షీణించకుండా నిలిచింది, 36 సార్లు మోపితే పెరిగింది, 1800 సార్లు మోపినా 36 సార్లకు పెరిగిన దానికన్నా అదనంగా పెరగలేదు. ఎముక కణాలు కాసేపటికి ఒత్తిడిని పట్టించుకోవడం మానేస్తాయి, మళ్లీ స్పందించాలంటే వాటికి విరామం కావాలి. పందెపు పిల్లగుర్రాల్లో ముంగాలి మోకీలు కిందనున్న పొడవాటి ఎముక ముందువైపు నొప్పి, వాపు రావడం తరచుగా కనిపించే బాధ. మైళ్ల కొద్దీ నెమ్మదిగా తిప్పడం కన్నా అప్పుడప్పుడు కొద్దిదూరం వేగంగా పరుగెత్తించడం వల్ల ఆ ఎముక పందేనికి సరైన ఆకారం సంతరించుకుంటుందని పశువైద్య పరిశోధకులు చూపించారు. మొద్దుబారిన నోటికి, మొద్దుబారిన ఎముక కణానికి మందు ఒక్కటే కావడం కాకతాళీయమే అయినా, శిక్షకుడికి గుర్తుంచుకోవడానికి వీలుగా ఉంటుంది.

నోటి గురించి ఒక మాట. కళ్లెపు కడ్డీ ఆనేది ముందు పళ్లకూ దవడ పళ్లకూ నడుమ ఉన్న ఖాళీ చిగురు మీద. గుర్రం ముందు పాలపళ్లు జతలు జతలుగా రెండున్నర, మూడున్నర, నాలుగున్నరేళ్లకు ఊడి కొత్తవి వస్తాయి, దవడ పళ్లు కొన్ని కూడా ఆ సమయంలోనే మారతాయి. అంటే మనం కళ్లెం నేర్పే వయసూ, నోరు సలిపే వయసూ ఒకటే. కళ్లెం పెట్టగానే తల విదిలించే పిల్లగుర్రాన్ని మొండిదనుకునే ముందు దాని నోరు తెరిచి చూడడం మేలు.

వీపుది ఇంకో కథ. భుజాన్ని ఛాతీ ఎముకతో కలిపే జత్రువు అనే ఎముక గుర్రానికి ఉండదు. ముందరి కాళ్ల నడుమ ఛాతీ మొత్తం కండరాల ఊయలలో వేలాడుతుంది. జీను, 75 కిలోల బరువు కలిపి మోపినప్పుడు వీపు కిందికి కుంగుతుందని 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూపారు. ఆ కుంగుబాటును ఎదుర్కొని వీపును పైకెత్తేవి పొట్ట కండరాలు, వాటికి బలం రావడానికి వారాలు, నెలలు పడుతుంది. కనుక తొలి స్వారీలు నిమిషాల్లో ఉండాలి, ఎక్కేవారు తేలికగా ఉండాలి. ఎదిగిన 8 గుర్రాల మీద జరిగిన ఒక పరీక్షలోనే, శరీర బరువులో 25 నుంచి 30 శాతం మోసినప్పుడు కండరాల నొప్పి స్పష్టంగా పెరిగింది. పిల్లగుర్రానికి అంతకన్నా బాగా తక్కువే పెట్టాలన్నది ఇంగితం.

రౌతు చెయ్యి జీను మీది నుంచి సులువుగా అందే చోటు మెడ మొదలు, మూపు దగ్గర. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేదీ అక్కడే. ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాలపై 1993లో వెలువడిన పరిశీలన తెలిపింది. మెడ మీద చప్పుడయ్యేలా చరచడం మనకు మెచ్చుకోలు, గుర్రానికి కాదు.

చివరిగా, గుర్రం మీద నుంచి దిగడం. రోజు మొత్తంలో గుర్రానికి దొరికే అతి పెద్ద విడుదల అదే: బరువు, పట్టీ బిగువు, పగ్గం అన్నీ ఒకేసారి తొలగిపోతాయి. అంతకు ముందరి క్షణంలో అది ఏం చేస్తూ ఉంటే దాన్నే గట్టిగా నేర్చుకుంటుంది. అందుకే తల విసురుతున్న గుర్రం మీద నుంచి భయపడి దిగిపోయినవాడు మర్నాటికి తల విసరడాన్ని సిద్ధం చేసుకుంటున్నట్టే. తెలిసినవాడు ఇంకో అడుగు ముందుకు నడిపించి ఆపుతాడు, అది మెడ దించి ఒక ఊపిరి వదిలేదాకా కదలకుండా కూర్చుంటాడు, అప్పుడు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి మెల్లగా జారుతాడు.