ఎవరూ డబ్బు కట్టని ప్రకటన

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోయే రోడ్డు మామూలు రోజుల్లో పోర్టు లారీలది. 2021 మే 21న, శుక్రవారం, ఆ రోడ్డు నిండా కార్లు, ఆటోలు, అంబులెన్సులు. కొన్నింట్లో ఆక్సిజన్ పెట్టుకున్న రోగులే ఉన్నారు. పేరుకు రాష్ట్రమంతా కర్ఫ్యూ. ఊళ్లో చూస్తే వేలమంది, ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడ్డారు. అందరూ వచ్చింది ఆ ఊరి నాటువైద్యుడు బొణిగి ఆనందయ్య ఉచితంగా ఇస్తున్న కరోనా మందు కోసం. తోపులాట మొదలవడంతో ఆ రోజే పంపిణీ ఆపేశారు.

ఆ వారంలోనే కోవూరు నుంచి మా పిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమెకు జ్వరం వచ్చి నాలుగు రోజులైంది. "అబ్బయా, ఆ కళ్లలో వేసే చుక్కలు ఒక్కరవ్వ తెప్పించగలవా?" అని అడిగింది. ఎవరు చెప్పారు పిన్నీ అంటే, "టీవీలో చెప్తానే ఉండారు గదా, పొద్దస్తమానం" అంది.

నన్ను పట్టుకున్నది ఆ మాటే. ఆనందయ్య ఫ్లెక్సీ కట్టలేదు, కరపత్రం పంచలేదు, ఏ ఛానెల్‌కూ రూపాయి కట్టలేదు. ఏ కంపెనీ కోట్లు పోసినా రానంత ప్రచారం మాత్రం వారం పది రోజుల్లో వచ్చేసింది. మందుల ప్రచారాన్ని అదుపులో పెట్టడానికి మన దగ్గర 1954 నుంచే చట్టం ఉంది కదా, మరి అది ఇక్కడెందుకు పనికిరాలేదు?

అసలు తెలుగు పత్రికకూ మందుల ప్రకటనకూ ఉన్నది పాత చుట్టరికం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ వ్యాపారంలో నిలదొక్కుకున్నాకే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మందు అమ్మిన డబ్బు పత్రికను నిలబెట్టింది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, తలనొప్పికి పూసుకునే మందును తలనొప్పి మందనే అమ్మారు. కానీ అదే కాలంలో, ఆ తర్వాతా, పత్రికల వెనక పేజీలు సర్వరోగ నివారిణులతోనూ, మగతనం మందులతోనూ నిండిపోయేవి. వాటిని చూసే 1954లో ఔషధాలు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం తెచ్చారు. క్యాన్సర్, షుగర్, పక్షవాతం, అంధత్వం లాంటి 54 రకాల జబ్బుల్ని మా మందు నయం చేస్తుందని ప్రకటించకూడదని దాని సారం.

ఆ చట్టంలో ప్రకటనకు ఇచ్చిన నిర్వచనం సరదాగా ఉంటుంది. నోటీసు, లేబులు, పొట్లం కాగితం, నోటితో చెప్పేది, వెలుతురుతోనో శబ్దంతోనో పొగతోనో చూపించేది, అన్నీ ప్రకటనలే. పొగను కూడా వదలని చట్టమన్నమాట. 1959 డిసెంబరులో, యునానీ మందుల సంస్థ హమ్దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను కొట్టేసింది గానీ, ఇలాంటి ప్రకటనలు వ్యాపారమే తప్ప భావప్రకటన స్వేచ్ఛ కిందికి రావని తేల్చింది.

ఇంత ఉన్నా, ఇప్పటికీ రైలు కిటికీలోంచి చూస్తే గోడల మీద మొలలకు ఆపరేషన్ లేని వైద్యం కనిపిస్తూనే ఉంటుంది. మాట మార్చి తప్పుకునే దారులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో మృగశిర కార్తెకు ఉబ్బసానికని ఇచ్చే చేప మందు, హేతువాదులు కోర్టుకెక్కాక చేప ప్రసాదం అయింది. ప్రసాదానికి పరీక్షలుండవు. టీవీలో ఇంకో దారి దొరికింది. యాంకర్ ప్రశ్నలడుగుతుంటే వైద్యుడి వేషంలో ఒకాయన అరగంట జవాబులిస్తాడు. ఓ మూల చిన్న అక్షరాల్లో ప్రాయోజిత కార్యక్రమం అని పడుతుంది. అది వార్త కాదని మా పిన్నమ్మకు ఎలా తెలుస్తుంది?

కోవిడ్ వచ్చాక, ఆయుర్వేదం లాంటి దేశీ వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ కాస్త ముందే మేల్కొంది. కోవిడ్ తగ్గిస్తామనే ప్రచారం పత్రికల్లో, టీవీల్లో ఆపాలని 2020 ఏప్రిల్ 1నే ఆదేశాలిచ్చింది. ఆ జూన్ 23న పతంజలి కంపెనీ కోవిడ్ మందంటూ కరోనిల్ విడుదల చేస్తే, అదే రోజు ప్రకటనలు ఆపమంది. అక్కడ కంపెనీ ఉంది, ధర ఉంది, పట్టుకోవడానికి ఒక చేయి దొరికింది. కృష్ణపట్నంలో అవేవీ లేవు. అక్కడి ప్రచారమంతా వార్తల రూపంలో జరిగింది.

జనాన్ని తప్పు పట్టలేం. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారు. బెడ్ లేదు, ఇంజెక్షన్ లేదు. అలాంటప్పుడు విశ్రాంత ప్రధానోపాధ్యాయుడొకరు ఊపిరాడక వచ్చి, చుక్కలు వేయించుకున్న కాసేపటికే బాగున్నానని చెప్పిన వీడియో ఫోన్లలో తిరిగితే ఎవరు ఆగుతారు? ఛానెళ్లు దాన్ని మళ్లీ మళ్లీ వేశాయి. యూట్యూబ్ వాళ్లు తేనె, ముళ్ల వంకాయ అంటూ దినుసులు చదివి వినిపించారు. చూసిన ప్రతి ఇంటికీ మధ్యలో సబ్బుల ప్రకటన వచ్చింది. మందు ఉచితమే, దాని మీద సంపాదన మాత్రం ఉచితం కాదు.

పరీక్షల పని చివరికి కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలికి చేరింది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం ఆనందయ్య మందుల్లో పి, ఎల్, ఎఫ్ అనే మూడు రకాలకు సరేనంది. కె రకాన్ని కమిటీకి చూపించలేదు కాబట్టి వద్దంది, కంటి చుక్కలకు ఇంకా నివేదికలు రావాలంది. నివేదిక సారం రెండు ముక్కలు: హాని లేదు, కోవిడ్ తగ్గిస్తుందనడానికి ఆధారమూ లేదు. జనానికి చేరింది మాత్రం అనుమతి వచ్చిందన్న మాటే. వీడియోలో కనిపించిన ఆ మాస్టారు నెల్లూరు పెద్దాసుపత్రిలో చనిపోయిందీ అదే రోజు. మా ఫ్యామిలీ గ్రూపులో ఆయన బాగున్నానన్న వీడియో పదకొండుసార్లు వచ్చింది. చనిపోయిన వార్త ఒక్కసారి కూడా రాలేదు.

వార్తకు ఎంత బలముందో ఈ జిల్లాకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా కొట్టుకు అడ్డం తిరిగితే, ఆ కబురును ఊరూరికీ మోసింది పత్రికలే. ఈనాడు దాని కోసం పేజీలే కేటాయించింది. ఏడాది తిరిగాక, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పత్రికకు రాజకీయ లెక్కలున్నాయని అప్పుడే అన్నవాళ్లున్నారు, ఉండే ఉంటాయి కూడా. కానీ విలేకరి అక్కడికెళ్లి చూసినదాన్ని, ఆడవాళ్లు చేసినదాన్ని రాశాడు. కృష్ణపట్నంలో కెమెరా చూసింది క్యూని. చెప్పింది మాత్రం మందు పనిచేస్తుందని.

తర్వాత వచ్చిన నిబంధనలన్నీ డబ్బు చేతులు మారే ప్రకటనల చుట్టూనే తిరిగాయి. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర మార్గదర్శకాలు వచ్చాయి. 2024 మే 7న పతంజలి కేసులో సుప్రీంకోర్టు, ప్రకటనల్లో నటించే ప్రముఖులకూ బాధ్యత ఉందంది, ప్రసారానికి ముందు ప్రకటనదారు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలంది. మంచివే. అయితే ఆనందయ్య ప్రకటనదారు కాదు, ఛానెల్ తాను వార్తే వేశానంటుంది, ఫార్వర్డ్ చేసినవాడు మంచి కోరే చేశానంటాడు. ఆ ముగ్గురి మధ్య ఖాళీలో ఇప్పటికీ షుగర్‌ను వారంలో మాయం చేసే వీడియోలు తిరుగుతున్నాయి.

పిన్నమ్మకు ఆ మందు దొరకలేదు. పారాసెటమాల్ వేసుకుని, పన్నెండు రోజులు విడిగా గదిలో పడుకుని లేచింది. మొన్న సంక్రాంతికి వెళ్తే ఆ సంగతి వచ్చింది. "ఆ చుక్కలు పడుంటే నాలుగు రోజుల్లోనే లేచుండేదాన్ని, నువ్వే తెచ్చీలా" అంది.